హాంకాంగ్ కోర్టుల్లో విదేశీ జడ్జీలు ఉండాలా, తప్పుకోవాలా?

పద్మజ_వకీలు:
బ్రిటన్ జడ్జీలు జొనాథన్ సంప్షన్, లారెన్స్ కాలిన్స్ 2024 జూన్‌లో హాంకాంగ్ తుది అప్పీళ్ల కోర్టు వదిలేశారు. మిగతా విదేశీ జడ్జీలూ తప్పుకోవాలి. 2020 జూన్ 30న బీజింగ్ తెచ్చిన జాతీయ భద్రతా చట్టంలో 44వ అధికరణం చదవండి. ఆ కేసులు వినే జడ్జీలను ఎంపిక చేసేది అక్కడి ప్రభుత్వాధినేత. 46 ప్రకారం జ్యూరీని పక్కన పెట్టొచ్చు. 42 ప్రకారం మళ్లీ నేరం చేయడని జడ్జికి నమ్మకం కుదిరితే తప్ప బెయిలు లేదు. ఇలాంటి చోట పెద్ద పేర్లు ఉండటం ప్రభుత్వానికే పనికొస్తుంది.

కౌలూన్_శేఖర్:
పద్మజ గారూ, నేను ఉంటున్నది ఇక్కడే, హాంకాంగ్‌లో. పాత కంపెనీ జీతం ఎగ్గొడితే లేబర్ ట్రిబ్యునల్‌లో లాయర్ లేకుండా నేనే నిలబడి చెప్పుకున్నాను, డబ్బు చేతికొచ్చింది. ఊళ్లో మా నాన్న వేసిన గట్టు తగాదా కేసు ఆయన పోయాక కూడా నడుస్తూనే ఉంది. భద్రతా చట్టం కింద పెట్టిన 47 మంది ప్రజాస్వామ్యవాదుల కేసులో ఇద్దరిని నిర్దోషులన్నారు. చెప్పుచేతల్లో ఉన్న కోర్టయితే వదులుతుందా?

పద్మజ_వకీలు:
ఆ 47 మంది చేసిందేమిటి? 2020 జులైలో అభ్యర్థులను ఎంచుకోవడానికి సొంతంగా ప్రైమరీ పెట్టుకున్నారు. గెలిచి, బడ్జెట్ ఓడించి, ప్రభుత్వాధినేతను దించాలనుకున్నారు. ఆ దారి హాంకాంగ్‌కి రాజ్యాంగం లాంటి బేసిక్ లాలోనే ఉంది! దాన్నే కుట్ర అన్నారు. 45 మందికి శిక్ష పడింది, న్యాయశాస్త్ర ప్రొఫెసర్‌గా పనిచేసిన బెన్నీ టాయ్‌కి 10 ఏళ్లు. చాలామంది తీర్పు రాకముందే మూడేళ్లు జైల్లో గడిపారు.

కౌలూన్_శేఖర్:
ఇద్దరిని వదిలారా, లేదా? ముందు అది చెప్పండి.

నల్లమల:
మన దగ్గర ఉపా (ఉగ్రవాద వ్యతిరేక చట్టం) కేసుల సంగతేంటి? ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా గారు ఏళ్ల తరబడి జైల్లో ఉండి, 2024 మార్చిలో నిర్దోషిగా బయటికొచ్చి, అక్టోబరులో పోయారు.

పద్మజ_వకీలు:
అదీ అన్యాయమే. దాంతో ఇది మాఫీ అయిపోదు.

చదువరి_బెజవాడ:
ఇద్దరూ జడ్జీల గురించే కొట్టుకుంటున్నారు. భద్రతా చట్టం కేసులో ఉన్న పత్రికాధిపతి జిమ్మీ లై తరఫున లండన్ లాయర్ టిమ్ ఓవెన్ వాదించొచ్చని 2022 నవంబరులో తుది అప్పీళ్ల కోర్టే చెప్పింది. డిసెంబరు 30న బీజింగ్ చట్టసభ స్థాయీ సంఘం ఆ చట్టానికి కొత్త అర్థం చెప్పింది. విదేశీ లాయర్ లాంటి విషయంలో కోర్టు ప్రభుత్వాధినేత సర్టిఫికెట్ తీసుకోవాలట. తీసుకోకపోతే జాతీయ భద్రతా కమిటీ తేలుస్తుందట. ఆ కమిటీ అధ్యక్షుడూ ప్రభుత్వాధినేతే, దాని నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేయడానికి వీల్లేదు. జడ్జి ఎంత నిజాయితీపరుడైతే ఏం లాభం?

కౌలూన్_శేఖర్:
మరి 2023 జూన్‌లో జర్నలిస్టు బావో చోయ్ శిక్ష కొట్టేసింది ఎవరు? 2025 మార్చిలో 1989 తియానన్మెన్ మృతుల సంస్మరణ సంఘం వాళ్లు ముగ్గురి శిక్ష రద్దు చేసింది ఎవరు? కీలకమైన సమాచారం కప్పేసిన కాగితాలిచ్చి శిక్ష వేయిస్తే అది న్యాయమైన విచారణ కాదని చెప్పింది ఈ కోర్టే.

పద్మజ_వకీలు:
మీ జీతం కేసుతో బీజింగ్‌కి పని లేదు కాబట్టి మీకు న్యాయం దొరికింది. దాన్ని పట్టుకుని అందరికీ దొరుకుతోందంటారేమిటి?

కౌలూన్_శేఖర్:
ఇక్కడ ఒక్కరోజు బతికారా మీరు? 2019 నిరసనల్లో మెట్రో స్టేషన్లు తగలబడుతుంటే పిల్లల్ని స్కూలుకి పంపలేక ఎంత టెన్షన్ పడ్డామో మీకేం తెలుసు? ప్రభుత్వం జోలికి వెళ్లనివాడిని ఈ చట్టం ఏం చేసింది? నాకు కావాల్సింది ప్రశాంతంగా బతకడం. అవును, అదే కావాలి!

చదువరి_బెజవాడ:
అసలు తేడా ఇప్పుడు బయటపడింది.

పద్మజ_వకీలు:
నా క్లయింటు ఒకబ్బాయి కరపత్రాలు పంచాడని లోపలేశారు. వాయిదా ఉన్న ప్రతిసారీ వాళ్లమ్మ స్టీలు క్యారేజీలో పప్పన్నం పట్టుకొచ్చి కోర్టు మెట్ల మీద కూర్చునేది. కానిస్టేబులు క్యారేజీ తీసుకోడు, ఆమె ఇంటికి తిరిగి పట్టుకెళ్లేది. బెయిలు రాకముందే పోయింది. ఆమె ప్రభుత్వం జోలికి వెళ్లలేదు, శేఖర్ గారూ.

కౌలూన్_శేఖర్:
ఆ తల్లి సంగతి వింటే బాధేసింది. అయినా నా మాట నాదే. నేను చెప్పిన సంస్మరణ సంఘం ముగ్గురిలో ఒకరైన చౌ హాంగ్-తుంగ్ మీలాంటి లాయరే, 2021 సెప్టెంబరు నుంచి జైల్లో ఉంది. తుది అప్పీళ్ల కోర్టులో ఉన్న కొద్దిమంది గట్టివాళ్లూ లేచి వెళ్లిపోతే ఆవిడ అప్పీలు వినేదెవరు?

పద్మజ_వకీలు:
ఉంటే మాత్రం, భద్రతా కేసు అప్పీలు వినే జడ్జిని ఎంచేదెవరు? 44 చదవమని మొదటి నుంచీ అందుకే అంటున్నాను.