చర్చ: చెట్లకు పేర్లున్న కథలో మనిషికి పేరెందుకు లేదు?

గౌతమీతీరం:
పోయిన ఆదివారం అమలాపురంలో మిత్రులం కొందరం కూర్చున్నప్పుడు ఒకాయన ఒక కథ చదివి వినిపించారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుఫాను మీద రాసిన కథ అది. కథకుడి పెరట్లో పద్నాలుగు కొబ్బరిచెట్లుంటాయి, ఒక్కొక్కదానికీ ఒక పేరుంటుంది: నూతిచెట్టు, పెద్దమ్మచెట్టు, వంకరది. తెల్లవారేసరికి పదకొండు నేలకూలి ఉంటాయి. తండ్రి ఏడుపు బయటికి వినపడకుండా తువ్వాలు నోట్లో కుక్కుకుంటాడు. వింటున్నవాళ్లలో సగంమంది కళ్లు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం ఒక సంగతి ముల్లులా గుచ్చుకుంది. ఆ చెట్లెక్కి దింపు తీసే, అంటే కాయలు కోసి దించే మనిషి కథలో మూడుచోట్ల కనిపిస్తాడు. మూడుచోట్లా అతను 'దింపువాడు' మాత్రమే. సాహిత్యం సమాజానికి అద్దమని బడిపిల్లల చేత కూడా వ్యాసాలు రాయిస్తున్నాం కదా, ఈ అద్దంలో చెట్టు పేరుతో సహా కనిపించి, చెట్టెక్కినవాడు కనిపించకపోవడం అద్దం లోపమా, అద్దం పట్టుకున్న చేతి లోపమా? సభ్యులు చెప్పాలి.

ఏటిగట్టు:
గౌతమీతీరం గారూ, మీ ప్రశ్నలోనే పొరపాటుంది. కథ జనాభా లెక్కల పుస్తకం కాదు, ఇంటింటికీ తిరిగి అందరి పేర్లూ రాసుకోవడానికి. ఒక తండ్రి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడన్న ఒక్క వాక్యంలో ఆ రాత్రి మా ప్రాంతంలో వేల ఇళ్లలో జరిగింది మొత్తం ఇమిడి ఉంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు పుట్టింది మన పొలమూరులో. ఆయన తనకు తెలిసిన లోగిళ్ల గురించి, అక్కడి ఆడవాళ్ల మాటతీరులో రాశారు. అవి ఒక కులం ఇళ్లే కదా అని ఎవరైనా పుస్తకం మూసేశారా? వితంతువు గుండెలోని బరువు చదివినవాడి గుండెకు చేరింది, అంతే. భావం నిజమైతే అది అందరిదీ అవుతుంది. ఇంకో మాట. చెట్లకు పేర్లు పెట్టుకోవడం కథకుడి చమత్కారమని మీరు అనుకుంటున్నట్టున్నారు. కాదు. మా పెరట్లో చెట్లకూ పేర్లుండేవి.

కొబ్బరాకు:
ఆ కథ నేనూ విన్నాను. దింపు తీసే ఆయన చెట్టు మొదట్లో తాడు విప్పాడని ఉంది. దాన్ని తాడనరు, మోకు అంటారు. ఆ మాట తెలియని కథకుడికి ఆ మనిషి పేరు ఎలా తెలుస్తుంది?

గౌతమీతీరం:
చెట్లకు పేర్లు లేవని నేను అనలేదు, ఏటిగట్టు గారూ. ఉన్నాయి కాబట్టే అడుగుతున్నాను. శ్రీపాద వారి మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను, ఆయన కథల్లో పెరట్లో నీళ్లు తోడే మనిషి కూడా నోరు విప్పి మాట్లాడితే ఎలా ఉండేదో అని నాకు చాలాసార్లు అనిపించింది. అది ఆయనను తక్కువ చేయడం కాదు. భావం అందరిదీ అవుతుందన్న మాటను కూడా ఒక్కసారి మన రాజమహేంద్రవరంలోనే పరీక్షించి చూడండి. మాకొద్దీ తెల్లదొరతనమని గరిమెళ్ల సత్యనారాయణ గారు పాడితే ఊరూరా జనం గొంతు కలిపారు. ఆ పాట అందరిదీ అయితే, అదే వరసలో మాకొద్దీ నల్లదొరతనమని దళిత కవి కుసుమ ధర్మన్న గారు మళ్లీ ఎందుకు రాయవలసి వచ్చింది? మొదటి పాటలో తమ బాధ ఇమడలేదనే కదా.

తోకలంక:
ఈ చర్చ నాలుగు నెలలకోసారి వస్తూనే ఉంది, గోదావరికి ఎర్రనీళ్లు వచ్చినట్టు.

ఏటిగట్టు:
ఇమడకపోతే వాళ్లే రాసుకున్నారు, గొప్పగా రాసుకున్నారు, నేనూ అదే అంటున్నాను. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారు గుడిసెలు కాలిపోవడం గురించి రాస్తే 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఎవరి బాధ వారు రాసుకుంటారు, అన్నీ కలిపితే సమాజం అవుతుంది. ఒక్క కథ నెత్తిన మొత్తం డెల్టాను మోపి, ఇందులో కౌలురైతు లేడు, కూలీ లేడు, లంకలో పడవవాడు లేడు అని వెతికేవారికి కావలసింది కథ కాదు, ఫిర్యాదుల పుస్తకం. నన్ను అడిగితే మన ప్రాంతానికి జరిగిన అసలు అన్యాయం వేరే ఉంది. బయటివాళ్లు గోదావరి అనగానే 'ఆయ్' అనిపించి, పూతరేకు చేతిలో పెట్టి, నాలుగు ఎటకారాలు ఆడించి పంపేస్తున్నారు. దాని గురించి మాట్లాడేవారు ఒక్కరూ లేరు.

బోదెనీళ్లు:
నేను ఇక్కడ చదవడమే తప్ప రాయను. 'ఫిర్యాదుల పుస్తకం' అన్న మాట చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

1996లో నాకు పన్నెండేళ్లు. మా నాన్న రెండున్నర ఎకరాలు కౌలుకు చేసేవారు. సార్వా, అంటే వానాకాలపు వరి పంట కోతకు దగ్గరపడిన రోజులవి. తెల్లవారి చూస్తే చేను మొత్తం నీళ్లలో పడుకుని ఉంది. వారం తరువాత వెన్నులు తీసి చూస్తే గింజ మీద మొలక తెల్లగా గోరంత పొడుచుకొచ్చింది. నాన్న ఒక వెన్ను తెంపి, అరచేతిలో నలిపి, ఏమీ అనకుండా చేను పక్క బోదె కాలువలోకి విసిరేశారు. పట్టా భూస్వామి పేరున ఉంది కాబట్టి నష్టపరిహారం ఆయనకే వచ్చింది. సంక్రాంతి దాటాక కౌలు బస్తాల లెక్క కూడా పూర్తిగానే అడిగారు. మా అమ్మ చెవి దుద్దులు ఆ ఏడే పోయాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ భూస్వామి గారు పద్యాలు రాసేవారు. తుఫాను మీద రాసిన పద్యాలు మరుసటి ఏడు మా ఊరి గ్రంథాలయంలో చదివితే జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. బల్లలు వేయడానికి వెళ్లిన నేను కిటికీ పక్కన నిలబడి విన్నాను. చెప్పకూడదు గానీ, పద్యాలు బాగున్నాయి. నాకూ ఏడుపొచ్చింది. ఆ ఏడుపును నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

కొబ్బరాకు:
బోదెనీళ్లు గారూ, నమస్కారం.

ఏటిగట్టు:
మీ నాన్నగారికి జరిగినది అన్యాయం, అందులో రెండో మాట లేదు. అయితే ఆ అన్యాయం చేసింది ఒక మనిషి, పద్యం కాదు. మాదీ భూమి ఉన్న ఇల్లే అని దాచుకోను. మాకు ఎకరంన్నర తోట, అదే ఆధారం. తుఫానుకు చెట్లన్నీ పోతే, మళ్లీ నాటిన మొక్క కాపుకొచ్చేదాకా ఆరేడేళ్లు ఆగాలి. అక్క పెళ్లి రెండుసార్లు వాయిదా పడింది, మూడోసారి వాళ్లే వద్దన్నారు. ఆమె పెళ్లి చేసుకోలేదు. గౌతమీతీరం గారు ఎగతాళి చేస్తున్న ఆ తువ్వాలు మా నాన్నది. ఆ కథ రాసింది నేనే. ఆ రోజు మీ ముందు చదివింది నా మిత్రుడు, నాకు గొంతు రాదని. ఇల్లు కూలినవాడు తన ఇంటి గురించి ఏడవడానికి కూడా ఊరందరి అనుమతి తీసుకోవాలా?

గౌతమీతీరం:
నేను ఎగతాళి చేయలేదు, ఏడ్చానని మొదటే రాశాను. కథ మీదని తెలిసి ఉంటే మాట కొంచెం మెత్తగా వాడేవాడిని, ప్రశ్న మాత్రం మార్చేవాడిని కాదు. కథ చివర "ఆ రాత్రి కోనసీమ మొత్తం ఏడ్చింది" అని రాశారు. మీ నాన్నగారు ఏడ్చారంటే నాకు పేచీ లేదు. కోనసీమ మొత్తం అన్నప్పుడు, మోకు భుజాన వేసుకుని ఇంటికి పోయిన మనిషి ఆ 'మొత్తం'లోకి వస్తాడా రాడా? లక్షల చెట్లు పడిపోతే ఎక్కడానికి చెట్టు లేని మనిషి ఆ ఆరేడేళ్లూ ఏం తిన్నాడు?

బోదెనీళ్లు:
నా మాట కూడా అదే. మీ ఏడుపు మీద నాకు కోపం లేదు, ఏటిగట్టు గారూ. అది చదివి నేను ఏడిస్తే, దాన్ని మా ఏడుపు కింద జమకట్టి లెక్క మూసేస్తారు చూశారా, అక్కడ కోపం.

తోకలంక:
వీరేశలింగం పంతులు గారు రాసి ఊరుకోలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో దగ్గరుండి వితంతువుకు పెళ్లి చేయించారు. అంతే చెప్పదలచుకున్నాను.

ఏటిగట్టు:
రెండు రోజులుగా ఇటు రాలేదు. ఆ ఒక్క వాక్యం గురించి ఆలోచించాను, 'మొత్తం' అన్న మాటను తీసేయాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. తీసేస్తే కథ చిన్నబోతుందని నా భయం, ఇది దాచడం ఎందుకు. నిన్న రాత్రి అక్కకు ఫోను చేసి, మన చెట్లెక్కిన ఆయన పేరు గుర్తుందా అని అడిగాను. అక్కకు నాకన్నా జ్ఞాపకం ఎక్కువ. ఆయన సైకిలుకు వెనక చక్రం మీద రేకు లేదట, వానలో వస్తే వీపంతా బురద చిమ్మి ఉండేదట. ఎడమ పాదం బొటనవేలు వంకరట. దింపుకు కాయల లెక్క నోటితోనే చెప్పేవాడట, ఒక్కటి కూడా తేడా రాదట. పశువుల పాక దూలం మీద ఆయనకోసం ఒక సత్తుగ్లాసు బోర్లించి ఉండేదట, టీ అందులోనే పోసేవారట. పేరు మాత్రం గుర్తు రాలేదు.

బోదెనీళ్లు:
ఆ గ్లాసు ఎవరు కడిగేవారో కూడా అక్కగారిని అడగండి.