మల్కాజ్‌గిరిలో మా బ్రౌనీకి ఇంజెక్షన్ పడలేదు, నేనేమో డాలస్‌లో ఉన్నాను

పంపినది: డాలస్‌కి కొత్త

అందరికీ నమస్కారం. నేను ఇక్కడికొచ్చి ఏడు వారాలైంది. ఇంకా సామాను కూడా సర్దుకోలేదు, అప్పుడే ఇంటి నుంచి ఈ కబురు. మా బ్రౌనీ (ల్యాబ్ క్రాస్, ఆరేళ్లు, 24 కిలోలు) పది రోజులుగా సరిగ్గా తినట్లేదు. రక్తపరీక్ష చేస్తే ఎర్లికియా అని వచ్చింది, అంటే గోమార్లు కుట్టి వచ్చే టిక్ ఫీవర్. ప్లేట్‌లెట్లు బాగా తక్కువ. డాక్సీసైక్లిన్ (యాంటీబయాటిక్) 28 రోజులు, ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్), లివర్ టానిక్, ఐరన్ టానిక్ రాశారు.

మొన్న క్లినిక్‌లో మూడు ఇంజెక్షన్లు చేసి పంపారట. ఇంటికొచ్చిన గంటకి మూతి, కళ్ల చుట్టూ బూరెలా వాచిపోయింది. నాన్న మళ్లీ ఆటో మాట్లాడుకుని పరుగెత్తారు, అక్కడ ఇంకేదో ఇంజెక్షన్ చేస్తే రాత్రికి తగ్గింది. ఇప్పుడు మాత్ర వేస్తే వాంతి చేసుకుంటున్నాడు. అమ్మ "ఈ మందులేవీ వీడికి పడట్లేదు, అన్నీ ఆపేస్తా" అంటోంది. నేను ఇక్కడ నెట్‌లో చదివి బెనడ్రిల్ వేయమన్నాను. నాన్న మెడికల్ షాపులో తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టారు, ఇంకా వేయలేదు. టికెట్ కొనుక్కుని వెళ్లిపోనా? చాలా టెన్షన్‌గా ఉంది.

పంపినది: తార్నాక అక్క, ప్లేనో

ముందు ఆ సీసా ఫ్రిజ్ మీద నుంచి తీయించు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఇక్కడ బెనడ్రిల్ అంటే అలర్జీ మాత్ర, అందులో ఉండేది డైఫెన్‌హైడ్రమిన్ ఒక్కటే. హైదరాబాద్‌లో మెడికల్ షాపుకెళ్లి బెనడ్రిల్ అని అడిగితే చేతిలో పెట్టేది దగ్గు సిరప్. అందులో డైఫెన్‌హైడ్రమిన్‌తో పాటు అమ్మోనియం క్లోరైడ్, ఇంకా వేరేవి ఉంటాయి. అమెరికా సైటులో చదివిన సలహాని అమీర్‌పేట షాపులో కొనకూడదమ్మా, పేరొకటే అయినా సరుకు వేరు. సెటిరిజిన్ అనే అలర్జీ మాత్రతో కూడా ఇదే తంటా. ఒట్టి సెటిరిజిన్ వేరు, ముక్కు దిబ్బడకి ఫినైలెఫ్రినో సూడోఎఫెడ్రినో కలిపిన మాత్ర వేరు. ఆ కలిపినవి కుక్కల గుండెని పరుగెత్తిస్తాయి. కొన్ని జలుబు మాత్రల్లో పారాసిటమాల్ కూడా ఉంటుంది, అదీ కుక్కలకి ప్రమాదమే. అందుకే ఒట్టి సెటిరిజిన్ అయినా సరే, వాడి బరువు చెప్పి, ఏ మాత్రో ఫొటో పంపి, క్లినిక్ వాళ్లు ఎంత అంటే అంతే.

ఐదేళ్ల క్రితం మా అమ్మావాళ్లింట్లో కుక్కకి కూడా ఇదే జబ్బు, ఇదే గోల. నేను ఇక్కడ రాత్రి పదకొండింటికి ఫోన్ పట్టుకుని కూర్చుంటే అక్కడ పొద్దున్న తొమ్మిదిన్నర. ప్రతి పూటా ఫోన్‌లో "ఎలా ఉంది" అని అడగడం, "అలాగే ఉంది" అని వినడం. దానివల్ల ఒరిగింది ఏమీ లేదు. పైగా మా తమ్ముడు కంగారుపడి ఒక క్లినిక్‌లో స్టెరాయిడ్ నడుస్తుండగా ఇంకో చోటికి తీసుకెళ్లాడు. కుక్క కుంటుతోందని వాళ్లు నొప్పి ఇంజెక్షన్ చేశారు. స్టెరాయిడ్ సంగతి మా తమ్ముడు చెప్పలేదు, వాళ్లు అడగలేదు. రెండో రోజుకి విరేచనం తారులా నల్లగా వచ్చింది. అంటే కడుపులో రక్తం. ప్రెడ్నిసొలోన్ వాడుతుండగా మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు పడకూడదని అప్పుడు తెలిసింది. మీ వాడికి ప్లేట్‌లెట్లు కూడా తక్కువ కాబట్టి ఇది మరీ ముఖ్యం.

అప్పటి నుంచి నేను చేసిన పని ఒక్కటే, లెక్క రాయడం. అక్కడున్న వాళ్లు చేతులతో చూసుకుంటారు, నువ్వు ఇక్కణ్నుంచి పద్దు పుస్తకం పట్టు. ఈ పూట ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నింటికి, దేంట్లో పెట్టి, తర్వాత ఏమైంది, వాంతి ఎంతసేపటికి, అందులో మాత్ర కనిపించిందా. నాన్నగారిని ఆ మూడు ఇంజెక్షన్ల పేర్లు క్లినిక్‌లో అడిగి రాయించుకోమను, చీటీ మీద గీతలు ఎవరికీ అర్థం కావు. ఇక మీదట ఏ ఇంజెక్షన్ చేసినా ఆ సీసా ఫొటో, చేసిన టైము వాట్సాప్‌లో రావాలి. మూడూ ఒకేసారి చేశారు కాబట్టి ఏది పడలేదో ఇప్పుడు ఎవరూ తేల్చి చెప్పలేరు. మళ్లీ వెళ్లినప్పుడు "ఒకదానికీ ఇంకోదానికీ కాస్త ఎడం ఇవ్వగలరా, అరగంట ఇక్కడే కూర్చుంటాం" అని మర్యాదగా అడగమను. ఫైలు మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో తేదీ వేసి "ఇంజెక్షన్ తర్వాత మొహం వాచింది" అని రాయించు.

టికెట్ సంగతి నేను చెప్పలేను. కానీ నువ్వు విమానం దిగేసరికి ఈ గండం అటో ఇటో తేలిపోయి ఉంటుంది.

పంపినది: రాజేంద్రనగర్ పాత విద్యార్థి, న్యూజెర్సీ

నేను రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదివాను, ఇక్కడ లైసెన్స్ పరీక్షలు రాస్తున్నాను. కుక్కని చూడకుండా డోసు చెప్పడం తప్పు, కాబట్టి చెప్పను. కానీ అమ్మగారు అన్నీ ఒకే గాటన కడుతున్నారు, అది మాత్రం విడదీసి చెప్పాలి.

మొహం వాచడం, ఒంటిమీద దద్దుర్లు లేవడం, విపరీతంగా గోక్కోవడం అలర్జీ. మాత్ర వేశాక వాంతి, ఆకలి లేకపోవడం డాక్సీసైక్లిన్‌కి మామూలుగా ఉండే సైడ్ ఎఫెక్ట్. మొదటిదానికి ఆ మందు మళ్లీ ముట్టుకోకూడదు. రెండోదానికి ఇచ్చే పద్ధతి మార్చుకోవాలి. ఖాళీ కడుపున వేస్తే వాంతి అయ్యే అవకాశం ఎక్కువ. ఉత్త మాత్ర గొంతులో వేసి వదిలేస్తే అది అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది, వెనకాలే ఒక ముద్దో కాసిని నీళ్లో పోవాలి. వాంతి అయిపోయిందని వెంటనే ఇంకో మాత్ర వేయకండి, డాక్టర్‌ని అడగండి. పూటపూటా వాంతి అవుతుంటే కడుపు కుదురుపడే మందు వాళ్లే ఇస్తారు. కానీ డాక్సీ ఆపితే జబ్బు ఆగదు. చాలా కుక్కలు మొదటి రెండు మూడు రోజుల్లోనే లేచి తిరుగుతాయి, దాంతో ఇంట్లోవాళ్లు వారానికే మాత్రలు మానేస్తారు. 28 రోజులు అని ఊరికే రాయరు.

ప్రెడ్నిసొలోన్ వల్ల దాహం, ఆకలి పెరుగుతాయి, రొప్పుతాడు, రాత్రి ఇంట్లోనే మూత్రం పోస్తాడు. మా బంధువులొకరు ఇల్లు పాడవుతోందని నీళ్ల గిన్నె తీసేశారు. అలా చేయకండి, బయటికి ఎక్కువసార్లు తీసుకెళ్లండి. దాన్ని అమ్మగారు తనంతట తాను ఒక్కసారిగా ఆపేయడం అస్సలు కుదరదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఇప్పుడు భయపడాల్సిన విషయం. మనుషులకి అలర్జీ ముదిరితే గొంతు పట్టేస్తుంది కాబట్టి అందరూ శ్వాసే చూస్తారు. కుక్కల్లో ఎక్కువ దెబ్బ తగిలేది కాలేయానికి, పేగులకి. ఇంజెక్షన్ చేసిన కాసేపటికో, తేనెటీగ కుట్టాకో, వరసగా వాంతులు, రక్తంతో విరేచనం, కాళ్లు నిలవకపోవడం, చిగుళ్లు పాలిపోవడం. మొహం వాపు లేకపోయినా ఇది అలర్జీయే కావచ్చు, నిమిషాల మీద పని. ఇంట్లో మాత్ర వేసి చూద్దాం అనుకోకుండా బండెక్కించాలి. అక్కడ అడ్రినలిన్, సెలైన్ పెట్టాలి.

చిగుళ్లు ఎలా చూడాలో నేర్పించండి. పై పెదవి ఎత్తి వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోట రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. టిక్ ఫీవర్ కుక్కకి రక్తం తగ్గి చిగుళ్లు ఎలాగూ కాస్త పాలిపోయే ఉంటాయి. అందుకే బాగున్నప్పటి ఫొటో ఒకటి ముందే తీసి పెట్టుకోండి, దానితో పోల్చుకోవచ్చు. ట్యూబ్‌లైట్ కింద తీస్తే రంగు తెలియదు, పగలు కిటికీ దగ్గర, పక్కన తెల్ల కాగితం పెట్టి తీయమనండి.

ఇంకొకటి. పొట్ట మీద, చిగుళ్ల మీద సన్నటి ఎర్ర చుక్కలు కనిపిస్తే అది కూడా అలర్జీ దద్దురే అనుకుంటారు. గాజు గ్లాసు అడుగుతో నొక్కి చూడండి. రంగు పోకుండా అలాగే ఉంటే అది ప్లేట్‌లెట్లు పడిపోయి చర్మం కింద కారిన రక్తం. అలర్జీ మందుకి తగ్గదు, ఆ రోజే చూపించాలి.

పంపినది: ఫ్రిస్కో అన్న

వచ్చే శనివారం మావాళ్లు హైదరాబాద్ వెళ్తున్నారు. కావాలంటే ఇక్కడి కుక్కల అలర్జీ మందులు, ఆ మూడు నెలలకోసారి వేసే పేలు, గోమార్ల మాత్ర కొని పంపిద్దాం.

పంపినది: రాజేంద్రనగర్ పాత విద్యార్థి, న్యూజెర్సీ

అన్నా, మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాత్రలు అక్కడా దొరుకుతాయి. అవి ఐసోక్సజోలిన్ జాతివి. వాటివల్ల కొన్ని కుక్కలకి వణుకు, తూలడం, ఫిట్స్ వచ్చాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరిక ఇచ్చింది. చాలా కుక్కలకి ఏమీ కాదు, నేనూ వాడమనే చెబుతాను. అయితే బ్రౌనీకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అన్నది చూసే డాక్టర్ అడగాలి కదా. నిన్నగాక మొన్న మొహం వాచిన కుక్కకి ఈ వారమే ఇంకో కొత్త మందు మొదలెడితే, రేపు ఏదైనా జరిగితే దేనివల్లో తెలియదు. ఈలోగా గోమార్లని చేత్తో ఏరి, పడుకునే గోనెసంచి పారేసి, గోడ పగుళ్లలో చూడమనండి. అవి ఉండేది సగం అక్కడే.

గోమార్లకి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చేయించమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కోలీ జాతి పోలికలున్న కుక్కల్లో ఎండీఆర్1 అనే జన్యువు తేడాగా ఉంటే అది మెదడుకి ఎక్కేస్తుంది. ల్యాబ్ క్రాస్ అంటున్నారు, ఆ క్రాస్ దేనితోనో తెలిస్తే డాక్టర్‌కి చెప్పండి.

పంపినది: డాలస్‌కి కొత్త

అక్కా, అన్నా, ఏమని చెప్పాలో తెలియట్లేదు. నిన్న రాత్రి అమ్మతో గంటసేపు మాట్లాడి రాసుకున్నాను. రెండు బయటపడ్డాయి.

మొదటిది, అమ్మ డాక్సీ మాత్ర పెరుగన్నంలో కలిపి పెడుతోంది! "వాడికి పెరుగన్నమంటే ప్రాణం కదే" అంటుంది. పైగా ఐరన్ టానిక్ కూడా అదే ముద్దలో.

రెండోది, నాన్న థర్మామీటర్ పెట్టి చూస్తే 102 ఉందట. జ్వరం అనుకుని పారాసిటమాల్ సగం విరిచి రెడీగా పెట్టారు. నేను వీడియోలో చూసి ఆపాను.

పంపినది: తార్నాక అక్క, ప్లేనో

బతికించావు! కుక్కకి 101 నుంచి 102.5 దాకా మామూలు ఒంటి వేడే. మనలాగా 98.6 కాదు. ఆ అంకెని థర్మామీటర్ డబ్బా మీద రాసి అతికించమను. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, నిమెసులైడ్, ఇంట్లో ఉన్న జ్వరం, నొప్పి మాత్రలన్నీ ఒక డబ్బాలో వేసి బీరువాలో పెట్టించు. నాన్నగారిని కోప్పడకు, పాపం ఆయన ప్రేమ అది.

పెరుగు సంగతి డాక్టర్ తమ్ముడు చెప్పాలి.

పంపినది: రాజేంద్రనగర్ పాత విద్యార్థి, న్యూజెర్సీ

పాలు, పెరుగులో ఉండే కాల్షియం డాక్సీని పట్టుకుని పూర్తిగా ఒంటికి పట్టనివ్వదు. పాత టెట్రాసైక్లిన్ అంత కాదులెండి, దీనికి ఆ బాధ తక్కువే. ఐరన్‌తో మాత్రం గట్టి పేచీ. ఆ టానిక్ ఇప్పుడు అవసరమా అని డాక్టర్‌ని అడగండి, అవసరమంటే డాక్సీకి కనీసం మూడు గంటల ఎడం ఇవ్వండి. మాత్రకి ఇడ్లీ ముక్క, ఉడికించిన చికెన్, అరటిపండు ఏదైనా సరే. చికెన్ అంటే ఉల్లి, వెల్లుల్లి, మసాలా లేకుండా. ఇక్కడివాళ్లు చెప్పే పీనట్ బటర్ జోలికి పోకండి, కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, కుక్కలకి విషం. బొప్పాయి ఆకు రసం అని పక్కింటివాళ్లు తప్పకుండా అంటారు. వాంతులయ్యే కుక్కకి అదొక చేదు శిక్ష, మాత్ర బదులు మాత్రం అది పనికిరాదు.

ఈ వారంలో ప్లేట్‌లెట్ల పరీక్ష మళ్లీ చేయించండి. ఇంకో అభిప్రాయం కావాలంటే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, మా రాజేంద్రనగర్ కాలేజీ ఆసుపత్రీ ఉంది. ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కుని, ఫైలు మొత్తం పట్టుకెళ్లమనండి. రాత్రిపూట ఫోన్ ఎత్తే క్లినిక్ ఏదో, కుక్కని ఎక్కించుకునే బండి ఎవరిదో ఈరోజే కనుక్కోండి. అర్ధరాత్రి ఆటోవాళ్లు కుక్కని చూసి ఆపకుండా పోతారు.

పంపినది: డాలస్‌కి కొత్త

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. పై పోర్షన్ అంకుల్ కారు మాట్లాడి పెట్టుకున్నాం. క్లినిక్‌లో ఇంజెక్షన్ల పేర్లు ఇచ్చారు, ఒకటి యాంటీబయాటిక్, ఒకటి వాంతులకి, ఒకటి విటమిన్. డాక్టర్ గారే ఫైలు మీద రాసి, ఇక మీదట మాత్రలతోనే చూద్దామన్నారు. ఐరన్ ఆపించారు. వాంతి నిన్న ఒక్కసారే. ప్లేట్‌లెట్లు కొంచెం పెరిగాయి.

అమ్మ పాత డైరీలో లెక్క రాసి రోజూ ఫొటో పంపుతోంది. ఈరోజుది ఇలా ఉంది: "ఉదయం 8.10, ఇడ్లీలో మాత్ర. ఇడ్లీ తిన్నాడు. మాత్ర సోఫా కింద దొరికింది. 8.25, మళ్లీ."

పంపినది: తార్నాక అక్క, ప్లేనో

ముందు ఒట్టి ఇడ్లీ ముక్కలు రెండు, మూడోదాంట్లో మాత్ర, నాలుగోది చేత్తో చూపిస్తూ. నాలుగోదాని కోసం మూడోది నమలకుండా మింగేస్తాడు. మావాడి దగ్గర నేర్చుకున్నదే.