టైప్ 1 షుగర్ ఉన్న పిల్లతో ఇల్లు ఎలా నడుపుతున్నారు? రాత్రి మూడింటికి లేచే అమ్మానాన్నలు చెప్పండి

గోదారి అమ్మ (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. మా పాపకి తొమ్మిదేళ్లు. కిందటి దసరా సెలవుల్లో టైప్ 1 షుగర్ అని తేలింది. అంతకు ముందు మూడు వారాలుగా నీళ్లు తెగ తాగేది, రాత్రిళ్లు పక్క తడిపేది. దాహం ఉక్కపోతకి అనుకున్నాను. చిక్కిపోతుంటే పరీక్షల టెన్షన్ అనుకున్నాను. కడుపు నొప్పి, వాంతులు మొదలయ్యాక దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే గ్యాస్ అని సిరప్ రాసి పంపారు. తెల్లారేసరికి ఎగశ్వాస. పెద్దాసుపత్రికి చేరేసరికి మీటర్‌లో అంకె కూడా రాలేదు, ‘హై’ అని మాత్రం చూపించింది. ఐదు రోజులు ఐసీయూలో ఉంది.

ఇప్పుడు రోజుకి నాలుగు ఇన్సులిన్ సూదులు, షుగర్ చూడటానికి వేలి మీద ఆరేడు పొడుపులు. వాటికి పాప అలవాటు పడింది, తనే చెయ్యి చాపుతుంది. నాకు అలవాటు కానివి రెండు. మొదటిది రాత్రి. మూడింటికి అలారం పెట్టుకుంటాను గానీ, అది మోగకముందే రెండుసార్లు మెలకువ వస్తుంది. నిద్రలో షుగర్ పడిపోతుందేమోనని చీకట్లో పాప మెడ తడిమి చెమట పట్టిందా అని చూస్తాను.

రెండోది మా పెద్దాడు. వాడికి పదమూడేళ్లు. పోయిన నెల వాడి పుట్టినరోజు. చెల్లి అడిగితే ఇవ్వలేను కదా అని కేకు తేలేదు, పరమాన్నం కూడా వండలేదు. వాడు రోజంతా ఏమీ అనలేదు. రాత్రి పడుకోబోయే ముందు వచ్చి “అమ్మా, నాక్కూడా షుగర్ వస్తే బాగుండు” అన్నాడు. నేను ఒక్కటిచ్చాను. తర్వాత బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు ఏడ్చాను. అప్పటి నుంచి వాడు అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప మాట్లాడట్లేదు.

మా వారు మంచి మనిషి. కానీ సూది చూస్తే ఆయనకి కళ్లు తిరుగుతాయి. అంతా నా మీదే. మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారో చెప్పండి.

నల్గొండ నాన్న

అమ్మా, ముందుగా మీ వారి సంగతి చెప్తాను, ఎందుకంటే ఐదేళ్ల కింద నేను కూడా అంతే. మా బాబుకి ఏడేళ్లప్పుడు వచ్చింది. మొదటి రెండు నెలలు సూది వేళకి నేను ఏదో పని పెట్టుకుని బయటికి పోయేవాణ్ని. మా ఆవిడ ఏమీ అనలేదు. ఒకరోజు ఆమెకి 103 జ్వరం. చేతులు వణుకుతుంటే సిరంజి పట్టుకుని మంచం మీద కూర్చుంది. అది చూసి నాకు సిగ్గేసింది.

మా దగ్గర బత్తాయిలకు కొదవ లేదు. పాత సిరంజిలో నీళ్లు పట్టి బత్తాయి మీద వారం రోజులు నేర్చుకున్నాను. తొక్క దిగేటప్పుడు చేతికి తెలిసేది చర్మం మీద తెలిసేదానికి దగ్గరగానే ఉంటుంది. ఆ తర్వాత మా ఆవిడ పక్కన కూర్చుని నా పొట్ట మీద ఖాళీ సూది (కొత్తదే) నన్నే గుచ్చుకోమంది. చీమ కుట్టినంత కూడా లేదు. భయం అక్కడే సగం పోయింది. మీ వారితో కూడా ఇదే చేయించండి. ఇప్పుడు మా ఇంట్లో రాత్రులు పంచుకున్నాం. సోమ, బుధ, శుక్ర నావి. నా రాత్రి అయితే ఆమె వేరే గదిలో తలుపు వేసుకుని పడుకుంటుంది. ఒకే గదిలో ఉంటే ఇద్దరూ లేస్తారు, పంచుకున్న లాభం ఉండదు.

ఇంకో మాట. మీరు ఇన్సులిన్ పెన్ వాడుతున్నారా, సీసా వాడుతున్నారా? సీసా అయితే సిరంజి మూత రంగు చూసి కొనండి. మన దగ్గర సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. నారింజ రంగు మూతది 100 యూనిట్ల మందుకి. పెళ్లికి వేరే ఊరు పోయినప్పుడు మందుల షాపులో ఏది ఇస్తే అది తెచ్చాను. 10 యూనిట్ల గీత దాకా పట్టాననుకుంటే లోపలికి పోయింది 4 యూనిట్లే. రెండు రోజులు రీడింగ్ 400 దిగలేదు. పెళ్లి భోజనం వల్ల అనుకుని పిల్లవాణ్ని తిట్టాను. ఆ తిట్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అదే తిరగబడి 100 యూనిట్ల మందుని ఎర్ర మూత సిరంజిలో పడితే రెండున్నర రెట్లు ఎక్కువ పోతుంది, అది ఇంకా ప్రమాదం.

గోదారి అమ్మ

పెన్నే వాడుతున్నాం అన్నా. మా వారికి మీరు రాసింది చదివి వినిపించాను. ఏమీ అనలేదు గానీ, లేచి వెళ్లి ఫ్రిజ్‌లో పెన్ చూసి వచ్చారు.

పాలపిట్ట

అక్కా, నాకు 26 ఏళ్లు. పదకొండో ఏట నుంచి టైప్ 1. నేను అమ్మని కాదు, కానీ ఆ పాప వైపు నుంచి చెప్పడానికి ఇక్కడ ఎవరో ఒకరు ఉండాలి కదా.

మా ఇంట్లో కూడా తీపి మొత్తం ఆపేశారు. సంక్రాంతికి అరిసెలు చేసి అటక మీద డబ్బాలో దాచారు. నేను స్టూలెక్కి మూడు తిన్నాను. తినడం పెద్ద తప్పు కాదు. తిన్నానని చెప్తే అమ్మ ముఖం ఎలా అయిపోతుందో తెలుసు కాబట్టి చెప్పలేదు, చెప్పలేదు కాబట్టి వాటికి సరిపడా ఇన్సులిన్ వేసుకోలేదు. సాయంత్రం రీడింగ్ 380. పుస్తకంలో 138 అని రాశాను. అమ్మ నవ్వింది. ఆ నవ్వు కోసం తర్వాత ఏడాదిన్నర పాటు దొంగ అంకెలు రాశాను. ప్రతి మూడు నెలలకీ హెచ్‌బీఏ1సీ పరీక్ష (అన్ని నెలల షుగర్ సగటు చెప్పేది) చేస్తారు కదా, అందులో చాలా ఎక్కువగా, 11 దాటి వచ్చేది. పుస్తకం చూస్తే అన్నీ బంగారంలాంటి అంకెలు. చివరికి డాక్టర్ మేడమ్ అమ్మని బయట కూర్చోబెట్టి నన్ను ఒక్కదాన్నే అడిగారు. అప్పుడు చెప్పాను.

అందుకే అక్కా, అంకె చూసిన క్షణంలో మీ ముఖం జాగ్రత్త. “ఎందుకింత ఉంది? ఏం తిన్నావ్?” అనే మాట మానేయండి. “సరే, 300 ఉంది, ఇప్పుడేం చేద్దాం?” అని అడగండి. పాప మీకు నిజం చెప్తుంది. నిజం తెలిస్తేనే డోసు సరిగ్గా వేయగలరు.

కేకు తినొచ్చు. డాక్టర్ గారినో డైటీషియన్‌నో అడిగి కార్బ్స్ (పిండిపదార్థాలు) లెక్క నేర్చుకోండి. వంద గ్రాముల వండిన అన్నంలో సుమారు 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి. వంటింట్లో చిన్న తూకం మిషన్ ఒకటి కొనుక్కుంటే నెలలో కంటికే అంచనా వచ్చేస్తుంది. పాయసానికీ అదే లెక్క. పుట్టినరోజున ఒక ముక్క, దానికి సరిపడా ఇన్సులిన్, అంతే. ఇడ్లీ కన్నా పెసరట్టుకి నాకు నెమ్మదిగా పెరుగుతుంది. మీ పాపకి ఎలా ఉంటుందో పుస్తకంలో రాసుకుంటేనే తెలుస్తుంది.

సూది రోజూ ఒకేచోట వేయించుకోనివ్వకండి. నొప్పి తెలియదని నేను పొట్ట కుడివైపే వేసుకునేదాన్ని. అక్కడ గడ్డలా మెత్తగా లేచింది, ఇక ఆ చోట మందు ఒకరోజు పనిచేసేది, ఒకరోజు చేసేది కాదు.

తెనాలి బామ్మ

అమ్మాయ్, నా మనవడికి ఉందమ్మా ఈ షుగర్. నేను చేసిన తప్పు చెప్తాను, ఇంకో ఇంట్లో జరగకూడదు. పసివాడికి రోజుకి నాలుగు సూదులు చూడలేక, ఎవరో చెప్తే ఆకు పసరు తెప్పించాను. వాళ్లు సూది మానేస్తేనే మందు పట్టుతుందన్నారు. కోడలు పుట్టింటికి వెళ్లిన మూడు రోజులు సూది తగ్గించి పసరు పోశాను. నాలుగో రోజు వాడికి ఆయాసం, నోట్లోంచి పండు మగ్గిన వాసన. ఆసుపత్రిలో వారం ఉన్నాడు. నా కోడలు నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ నా చేతికి వాణ్ని వదలడానికి మాత్రం ఏడాది పట్టింది.

ఈ పిల్లల ఒంట్లో ఇన్సులిన్ తయారే కాదట. పెద్దవాళ్లకి వచ్చే షుగర్ లాంటిది కాదు ఇది. జ్వరం వచ్చినా, అన్నం తినకపోయినా డాక్టర్ని అడగకుండా సూది మొత్తం ఆపకూడదని చెప్పారు. మీ అత్తగారో అమ్మగారో ఉంటే ఒకసారి డాక్టర్ దగ్గరికి వాళ్లని కూడా తీసుకెళ్లు. కోడలు చెప్తే వినని మాట డాక్టర్ చెప్తే వింటాం మేము.

డాలస్ తెలుగమ్మ

మా అబ్బాయి చేతికి షుగర్ చూసే సెన్సర్ ఉంది, రీడింగ్ ఐదు నిమిషాలకోసారి నా ఫోన్‌కి వస్తుంది. ఇండియాలో ఉన్న అక్కావాళ్లు “మీకేం, హాయి” అంటారు. నిజంగా సాయమే. నిద్రలో తగ్గితే అలారం మోగుతుంది. కానీ మొదటి ఏడాది నేను ఆఫీసు మీటింగుల్లో, గుళ్లో, సినిమా హాల్లో ఫోన్ చూస్తూనే ఉన్నాను. బాబు స్కూల్లో ఆడుకుంటుంటే గీత కిందికి దిగడం చూసి నర్సుకి ఫోన్ చేసేదాన్ని. వాడే ఒకరోజు “మామ్, నన్ను చూడు, ఫోన్ కాదు” అన్నాడు. ఇప్పుడు 70 కింద, 250 పైన మాత్రమే మోగేలా పెట్టుకున్నాను.

ఒక సూచన. సెన్సర్ చూసేది రక్తంలో షుగర్ కాదు, చర్మం కింది ద్రవంలోది. వేగంగా పడిపోతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తుంది. పిల్లకి వణుకు, చెమట ఉండి సెన్సర్ బాగానే చూపిస్తే వేలు పొడిచి చూడండి.

గుంటూరు టీచర్

జూన్‌లో బడి తెరిచే ముందే వెళ్లి క్లాస్ టీచర్‌ని, పీఈటీ సార్‌ని ఇద్దరినీ కలవండి. మా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి తెచ్చారు: చెమట, వణుకు, చిరాకు, మాట తడబాటు కనిపిస్తే వెంటనే పంచదార నీళ్లు, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ రీడింగ్, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి. ఎన్ని చెంచాలో పిల్ల బరువుని బట్టి డాక్టర్ చెప్పింది రాశారు. కింద రెండు ఫోన్ నంబర్లు. అది నా బల్ల అద్దం కింద ఉండేది. రెండుసార్లు పనికొచ్చింది. ఆటల పీరియడ్ ఉన్న రోజు రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చని ఆయన చెప్తేనే నాకు తెలిసింది.

మంచినీళ్లకి, బాత్రూంకి అడగకుండా వెళ్లనివ్వమని కూడా అడగండి. సీబీఎస్ఈ అయితే టైప్ 1 పిల్లలు బోర్డు పరీక్ష హాల్లోకి తినేవి తీసుకెళ్లడానికి 2017లోనే అనుమతి ఇచ్చింది. మిగతా బడుల్లో ముందుగా ఉత్తరం రాసి అడగాలి.

గోదారి అమ్మ

అందరివీ చదివాను, కొన్ని రెండుమూడుసార్లు. బామ్మగారూ, మీరు ఇలా చెప్పడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. మా అత్తగారికి కూడా చదివి వినిపిస్తాను.

బంధువుల మాట ఒకటి అడగాలి. మా పెద్దాడపడుచు “ఆడపిల్ల, ఎవరికీ చెప్పకండి, రేపు పెళ్లి కావాలి” అంటోంది. ఇంకొకరు “ఏ జన్మ పాపమో” అన్నారు. పాప విన్నది.

పాలపిట్ట

అక్కా, ఆ మాట నేనూ విన్నాను. పాపకి ఒక కథ చెప్పండి. 1922కి ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు చాలావరకు ఒకటి రెండేళ్లకి మించి బతికేవారు కాదు. కెనడాలో టొరంటోలో బాంటింగ్, బెస్ట్, వాళ్లతో ఇంకొందరు కలిసి 1921లో ఇన్సులిన్ కనిపెట్టారు. 1922 జనవరిలో మొదటగా సూది వేయించుకున్నది పద్నాలుగేళ్ల అబ్బాయి, పేరు లియొనార్డ్ థాంప్సన్. బాంటింగ్ పుట్టినరోజు నవంబర్ 14, మన బడిలో బాలల దినోత్సవం చేసే రోజే. చిన్నప్పుడు ఇది తెలిశాక ఆ రోజు చాక్లెట్లు నా కోసమే పంచుతున్నారని అనుకునేదాన్ని.

దాచమంటే మాత్రం దాచకండి. కాలేజీలో ఎవరికీ చెప్పకుండా తిరిగాను. ఒకసారి బస్సులో పడిపోతే పక్కనవాళ్లు నిద్ర అనుకున్నారు. నాకు పెళ్లై రెండేళ్లు. పెళ్లిచూపుల్లోనే చెప్పాం. ఇద్దరు వెళ్లిపోయారు, మూడో ఆయన సూది ఎలా వేస్తారని అడిగాడు.

నల్గొండ నాన్న

పెద్దబ్బాయి సంగతి ఎవరూ చెప్పలేదు, నాకు తోచింది చెప్తాను. మాకు పెద్దది ఆడపిల్ల. తమ్ముడి షుగర్ చూడటం తనకి నేర్పించాం, సాయం అవుతుందని. తను బాగా చేసేది కూడా. కానీ పదో తరగతిలో ఒకసారి తమ్ముడికి షుగర్ పడిపోయినప్పుడు ఇంట్లో తనొక్కతే ఉంది. తన వల్లే అలా అయిందని నెల రోజులు సరిగ్గా తినలేదు. అప్పటి నుంచి తెలిసి ఉండటం వేరు, బాధ్యత వేరు అని గట్టిగా పెట్టుకున్నాం. మీటర్ చూడటం తనకి వచ్చు, కానీ డ్యూటీ తనది కాదు. మీ బాబుకి కొట్టినందుకు సారీ చెప్పండమ్మా. షుగర్ మాట రాని గంట ఒకటి వాడికి ఇవ్వండి. నేను, మా అమ్మాయి ఆదివారం పొద్దున కూరగాయల మార్కెట్‌కి పోతాం. తనకి కూరగాయలంటే ఇష్టమేం లేదు. బండి మీద వెనక కూర్చుని వారం రోజుల ముచ్చట్లు చెప్తుంది.

గోదారి అమ్మ

మూడు వారాలకి మళ్లీ వచ్చాను, చెప్పకుండా ఉండలేక.

మా వారు బత్తాయి బదులు కమలాపండు మీద నేర్చుకున్నారు. మొదటిసారి పాపకి వేసినప్పుడు ఆయన చెయ్యి కన్నా పాప చెయ్యే నిబ్బరంగా ఉంది. “నాన్నా, లోపలికి నెట్టి పది అంకెలు లెక్కపెట్టు” అని తనే చెప్పింది. మంగళ, గురువారం రాత్రులు ఆయనవి. మొదటి మంగళవారం వేరే గదిలో పడుకున్నా నిద్ర పట్టలేదు. రెండోవారం తెల్లారి ఆరింటికి లేచాను. అక్టోబర్ తర్వాత అదే మొదటిసారి.

నిన్న ఆదివారం సాయంత్రం పెద్దాణ్ని ఒక్కణ్నే పుష్కర్ ఘాట్‌కి తీసుకెళ్లాను. మెట్ల మీద కూర్చున్నాం. కొట్టినందుకు తప్పైపోయింది నాన్నా అన్నాను. వాడు గోదారి వైపు చూస్తూ “షుగర్ రావాలని కాదమ్మా, నువ్వు నా దగ్గర కూడా రాత్రి లేచి కూర్చోవాలని” అన్నాడు. నాకు మాట రాలేదు. కాసేపటికి వాడే రోజ్ మిల్క్ తాగుదామా అన్నాడు. రెండు తాగాడు. ఫోన్ తీసి చూడబోయి మళ్లీ సంచిలో పెట్టేశాను.

ఇంటికొచ్చేసరికి పుస్తకంలో మా వారి రాతతో రెండు లైన్లు ఉన్నాయి. 6:40కి 64, పంచదార నీళ్లు. 6:55కి 98. నాకు ఫోన్ చేయలేదేం అని అడిగితే, “అవసరం రాలేదు” అన్నారు. పాప నేల మీద కూర్చుని బొమ్మకి సూది వేస్తోంది.