ఇది కవితా, వచనమా? తొమ్మిదో తరగతి పిల్ల రాసిన నాలుగు వాక్యాలు

అడిగినవారు: తెలుగు పంతులు, మహబూబ్‌నగర్ జిల్లా

తోటి తెలుగు ఉపాధ్యాయులకు నమస్కారం. నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. సర్వీసు ఏడేళ్లు. తొమ్మిదో తరగతిలో 38 మంది పిల్లలు.

పద్యం చెప్పేటప్పుడు నేను చేసేది మీకు తెలిసిందే. రాగం తీసి ఒకసారి చదవడం, పిల్లలచేత అనిపించడం, ప్రతిపదార్థం, భావం, ఇంటిపని. చర్చ అంటే ‘ఇక్కడ కవి ఏమంటున్నాడు?’ అని అడగడం. ముందు బెంచీలో ముగ్గురు గైడులోని భావం అప్పజెబుతారు. మిగతా 35 మంది నా చేతిలో సుద్దముక్కను చూస్తుంటారు. పాఠం చివర ‘వ్యక్తీకరణ – సృజనాత్మకత’ కింద కవిత రాయమని ఉంటే, దాన్ని ఇంటిపనిగా ఇచ్చి చేతులు దులుపుకునేవాణ్ణి.

ఈసారి జూలైలో తరగతిలోనే రాయిద్దామనుకున్నాను. అవి వాన ముఖం చాటేసిన రోజులు. బోర్డు మీద ‘వాన’ అని రాసి 20 నిమిషాలు ఇచ్చాను. ముప్పైకి పైగా కాగితాల్లో వాన చిటపటా కురిసింది, రైతన్న మోమున చిరునవ్వు మెరిసింది, హరివిల్లు విరిసింది. కిటికీలోంచి చూస్తే దుమ్ము.

ఒక అమ్మాయి మాత్రం ఇలా రాసింది (తనను అడిగే ఇక్కడ పెడుతున్నాను):

అమ్మ పుణెలో ఉంది.
అక్కడ వాన పడుతోందని ఫోనులో చెప్పింది.
నాకు వినపడాలని ఫోను రేకుల దగ్గర పెట్టింది.
నానమ్మ, నేను స్పీకరు పెట్టుకుని విన్నాం.

తల్లిదండ్రులు అక్కడ బిల్డింగు పనికి వెళ్లారు. పాలమూరులో ఇది కొత్త సంగతేమీ కాదు. నేనేం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ‘ఇది వచనం. కవితగా మార్చి రాయి’ అని ఎర్ర సిరాతో రాసి పదికి నాలుగు వేశాను. హరివిల్లులకు ఎనిమిదేసి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే రేకుల మీద వాన చప్పుడు చెవిలో మోగింది. హరివిల్లు ఒక్కటీ గుర్తు రాలేదు.

ఇది కవితేనా? అయితే దీని గురించి తరగతిని మాట్లాడించడం ఎలా? ‘బాగుంది, చప్పట్లు కొట్టండి’ అంటే ఆ పిల్ల తల ఎత్తదు.

జవాబు: విశ్రాంత తెలుగు పండితుడు, వనపర్తి

పంతులు గారూ, 31 ఏళ్లు ఇదే పని చేసి దిగిపోయినవాణ్ణి. కటువుగా అనిపిస్తే మన్నించండి. అది ఇంకా కవిత కాలేదు. వాక్యాలను ఒకదాని కింద ఒకటి పేర్చితే కవిత అయిపోతుందన్న భ్రమ పిల్లలకు ఒకసారి పట్టుకుంటే వదిలించడం కష్టం. అయితే దానికి నాలుగు వేయడం అన్యాయం, హరివిల్లుకు ఎనిమిది వేయడం అంతకంటే అన్యాయం.

ముందు చెవి తయారు కావాలి. వేమన్న ‘ఉప్పు కప్పురంబు’ పద్యం తీసుకుని, అర్థం ఊసెత్తకుండా బల్లల మీద దరువు వేయించేవాణ్ణి. గురువుకు, అంటే సాగదీసి పలికే అక్షరానికి అరచేయి, పొట్టిగా పలికే లఘువుకు వేలు. రెండో పాదం ‘చూడ చూడ రుచుల జాడ వేరు’. ఆటవెలదిలో రెండో పాదం కాబట్టి ఐదూ సూర్యగణాలే, అంటే గురువు వెంట లఘువు గానీ, మూడు లఘువులు గానీ. చూడ, చూడ, జాడ, వేరు నాలుగింటికీ ముందు అరచేయి, తర్వాత వేలు. నడుమ ‘రుచుల’ దగ్గర మూడూ లఘువులు, అరచేయి పడదు. గణాల పేరైనా వినని ఏడో తరగతి పిల్లవాడొకడు ‘సార్, ఇక్కడ చెయ్యి జారింది’ అన్నాడు. జారిన చోట ఏ మాట ఉందో చూడమన్నాను. ఆ రోజు పాఠం అక్కడే మొదలైంది, నేను భావం చెప్పాల్సిన పని లేకపోయింది. (చూ–జా యతి కుదరలేదని ఎవరైనా అంటారేమో, అది ప్రాసయతి, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలుస్తాయి: చూడ, జాడ.) తర్వాత అలాంటి జంటలను ఇంటి నుంచి తెమ్మనేవాణ్ణి. గోడ–నీడ, మూట–తోట, ఎద్దు–పొద్దు. మూటకూ తోటకూ మధ్య ఏం జరిగిందో చెప్పమంటే నోరు తెరవని పిల్ల ఉండేది కాదు.

ఇంకొక మాట. ‘మన పిల్లలకు రాయడం ఎక్కడ వస్తుంది’ అని స్టాఫురూములో ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి బదులు చెప్పిన సురవరం ప్రతాపరెడ్డి గారిది మన ఉమ్మడి పాలమూరు జిల్లాయే. లేరన్నవాళ్లు వెతకలేదు, అంతే.

జవాబు: తండా బడి టీచరు, దేవరకొండ

పండితుల వారికి నమస్కారం. దరువు సంగతి రేపే మా పిల్లలతో చేయిస్తాను. కానీ అది కవిత కాదన్న మాట నేను ఒప్పుకోలేను. మూడో వాక్యం తీసేసి చదవండి, మిగిలేది కబురు. పెట్టి చదవండి.

మా బడిలో పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. మొదట్లో నేనూ ‘అమ్మ’ మీద రాయమన్నాను. అందరి అమ్మలూ దేవతలే, అందరివీ చల్లని చూపులే. మరుసటి వారం ‘యాడి’ (లంబాడీలో అమ్మ) మీద రాయమన్నాను. మీ మాటలోనే, తెలుగు అక్షరాల్లో రాయండి, తప్పులు పట్టను అన్నాను. ఒక పిల్లవాడు పత్తి ఏరి వచ్చిన వాళ్ల అమ్మ వేళ్ల గురించి రాశాడు. ఎండిన పత్తికాయ అంచులు గీరుకుపోయిన వేళ్లతో ఆమె కారం కలిపిన అన్నం ముద్ద చేయలేక చెంచాతో తినిపించిందట. దాన్ని తెలుగులోకి తేవడానికి తరగతంతా రెండు పీరియడ్లు కూర్చుంది. ‘గీరుకుపోయిన’ అనాలా, ‘కోసుకుపోయిన’ అనాలా అన్నదాని మీద పెద్ద తగాదా. నేను ఇన్నేళ్లలో చూసిన అసలైన కవిత్వ చర్చ అదొక్కటే, అందులో నేను మాట్లాడింది తక్కువ.

కాబట్టి సార్, ‘కవి ఏమంటున్నాడు’ అని అడగడం కొన్నాళ్లు మానేయండి. ‘ఇందులో ఏ మాట తీసేస్తే నష్టం?’ అని అడగండి.

జవాబు: నారాయణపేట నుంచి ఒకరు

నేను టీచరును కాను. మా అమ్మానాన్న ముంబయి పనికి పోతే తాత దగ్గర ఉండి చదువుకున్నాను. ఒక్కటే మనవి. తరగతిలో ఆ పిల్లను నిలబెట్టి ‘పాపం’ అనిపించకండి. నన్ను ఒకసారి అలా నిలబెట్టారు. ఆ తర్వాత పదో తరగతి దాకా ఇంటి సంగతి ఏదీ నోటుపుస్తకంలో రాయలేదు.

అడిగినవారు మళ్లీ: తెలుగు పంతులు, మహబూబ్‌నగర్ జిల్లా

పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. నారాయణపేట వారి మాట చదివాక రెండు రోజులు ఆ కాగితం ముట్టుకోలేదు. తర్వాత ఆ అమ్మాయిని విడిగా అడిగాను, పేరు లేకుండా బోర్డు మీద రాయనా అని. సరేనంది. పక్కన ఇంకో కవిత రాశాను, హరివిల్లుది. ఏ పిల్లదీ కాదు, నేను అల్లిందే. రెండింటిలో ఏ వాన మీకు వినపడుతోంది అని అడిగి, వెనక్కి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎప్పుడూ నోరు విప్పని చివరి బెంచీ అబ్బాయి, ‘సార్, ఫోనులో వాన అచ్చం వానలా ఉండదు, నూనెలో బజ్జీలు వేసినట్టు ఉంటుంది’ అన్నాడు. అందరూ నవ్వారు. వాడికి ఎలా తెలుసని ఎవరూ అడగలేదు, వాళ్ల నాన్నా అక్కడే ఉన్నాడు. ఒక అమ్మాయి స్పీకరు ఎందుకు పెట్టారని అడిగింది. నానమ్మకు చెవులు సరిగా వినపడవేమో అని ఒకరు, ఇద్దరికీ ఒకేసారి వినాలని ఉందేమో అని ఇంకొకరు. దేవరకొండ మేడమ్ ప్రశ్న వేశాను. ‘రేకులు’ తీసేయకూడదని దాదాపు అందరూ అన్నారు. ‘పుణె’ తీసేసినా ఫరవాలేదని ఒకడంటే, తీసేస్తే అమ్మ పక్కింట్లో ఉందనుకుంటారని ఇంకొకడు మీద పడ్డాడు.

అప్పుడు ఎవరో అడిగారు: ‘మరి వాళ్లమ్మ ఏమీ మాట్లాడలేదా?’

మూడో బెంచీ నుంచి రాసిన పిల్లే అనేసింది, ‘వాన ఆగేదాకా ఎవరూ మాట్లాడలేదు’ అని.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేను భయపడ్డాను. కానీ ‘పాపం’ అన్నవాళ్లు లేరు. చివరి బెంచీ అబ్బాయి మాత్రం ‘ఆ మాట ఎందుకు రాయలేదు మరి?’ అన్నాడు, తప్పు పట్టినట్టు. ఆ పిల్ల వచ్చి నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని ఐదో వాక్యంగా అదే రాసింది.

జవాబు: విశ్రాంత తెలుగు పండితుడు, వనపర్తి

మా మనవరాలి చేత ఐదు వాక్యాలూ పైకి చదివించుకుని విన్నాను. రెండుసార్లు. మార్కులు దిద్దారా?

అడిగినవారు: తెలుగు పంతులు, మహబూబ్‌నగర్ జిల్లా

దిద్దాను సార్. హరివిల్లులవి మాత్రం తగ్గించలేదు. ఆ మాటలన్నీ నేను నేర్పినవే.