చిన్న రూముకి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఆంప్ (ఆంప్లిఫయర్), సబ్‌వూఫర్: ఏ కాంబినేషన్ బాగుంటుంది?

అందరికీ నమస్తే. రూము 12 బై 11 అడుగులే, వినేది ఎక్కువగా గాత్రం, వయొలిన్, రాత్రిళ్ళు అప్పుడప్పుడు సినిమా. స్పీకర్లు కెఫ్ క్యూ150, ఎలాక్ డెబ్యూ బీ6.2 ఈ రెండిట్లో ఏదో తేల్చుకోలేకపోతున్నా. గొంతు విషయంలో నాకు కెఫ్ వైపే మనసు లాగుతోంది కానీ దాని పోర్ట్ (బేస్ కోసం గాలి బయటికొచ్చే రంధ్రం) వెనకాల ఉంది, నాకేమో గోడకి జానెడు కంటే ఎక్కువ దూరం జరిపే వీల్లేదు, అలా పెడితే బేస్ గుమ్మంటుందా? పోర్ట్‌లో ఫోమ్ కుక్కితే సరిపోతుందా? ఎలాక్‌కి పోర్ట్ ముందే ఉంది కాబట్టి ఆ బెంగ కొంచెం తక్కువ అనుకుంటున్నా.

ఆంప్ వాట్స్ గురించి పెద్దగా పట్టింపు లేదు, పవర్ డబుల్ చేసినా పెరిగేది 3 డెసిబెల్సే కదా. నాకు అసలు సందేహం సబ్, అంటే లోతైన బేస్ కోసం విడిగా పెట్టే సబ్‌వూఫర్ దగ్గరే. చాలా స్టీరియో ఆంప్‌లలో సబ్ అవుట్ ఉన్నా స్పీకర్లకి మాత్రం ఫుల్ రేంజ్ సిగ్నలే (బేస్‌తో సహా మొత్తం) వెళ్తుంది, మరి 80 హెర్ట్జ్ కింది బేస్ స్పీకర్లకి వెళ్ళకుండా కోత పెట్టే హై పాస్ ఫిల్టర్ ఉన్న ఆంప్ కోసం పట్టుబట్టాలా, లేక సబ్‌ని 60 హెర్ట్జ్ పైన కట్ చేసి వదిలేస్తే చాలా? సబ్ సీల్డ్ (పోర్ట్ లేకుండా మూసేసిన పెట్టె) తీసుకోవాలా పోర్టెడా? ఇలాంటి చిన్న రూములో వాడుతున్నవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్, సబ్ ఏ మూల పెట్టారో కూడా.