‘ప్రజాతీర్పు’: ఓటును తీర్పు అనొచ్చా?

(ఎన్నికల వార్తల భాష మీద ఒక గుంపులో ఐదుగురి చర్చ. సీమ చోట్ల పేర్లు వాళ్లు పెట్టుకున్నవి.)

పెన్నహోబిలం (అనంతపురం): ఫలితాలొచ్చిన ప్రతిసారీ పత్రికల్లో, టీవీల్లో ఒకటే మాట: ‘ప్రజాతీర్పు’. గెలిచినోళ్లు ‘చారిత్రక తీర్పు’ అంటారు, ఓడినోళ్లు ‘శిరసావహిస్తాం’ అంటారు. మాట పుట్టుకతో పేచీ లేదు. మార్చు–మార్పు, ఓర్చు–ఓర్పు, కూర్చు–కూర్పు ఎట్లనో తీర్చు–తీర్పు అట్లనే. తగవు తీర్చేది తీర్పు, తీర్చేవాడు తీర్పరి. సంస్కృత ‘ప్రజా’కు తెలుగు ‘తీర్పు’ను అతికించినారని ఛాందసులు మూతి ముడుచుకుంటే ముడుచుకోనీ. నేనడిగేది వేరే. తీర్పన్నాక కారణాలుండల్ల. కోర్టయినా, ఊరి పంచాయితీ అయినా, ఫలానా సాక్ష్యం చూసి ఇట్ల చెప్తున్నామనల్ల. ఓటరు మీట నొక్కి బయటికొస్తాడు, కారణం ఎక్కడా రాయడు. మరి ‘అహంకారానికి తీర్పు’, ‘అభివృద్ధికి తీర్పు’, ‘జనం మోసపోయి ఓటేసినారు’ అని మరుసటిరోజు అచ్చయ్యే కారణాలు ఎవరివి?

కొండారెడ్డి బురుజు (కర్నూలు): కారణాల కన్నా ముందు అంకెలు చూద్దాం. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో టీడీపీకి 39 శాతం చిల్లర ఓట్లు, 23 సీట్లు. 2024లో వైసీపీకీ 39 శాతం చిల్లరే, సీట్లు 11. రెండుసార్లూ ‘ప్రజలు తిరస్కరించారు’ అనే రాశారు. పదిమందిలో దగ్గర దగ్గర నలుగురు ఓటేసిన పార్టీని ‘ప్రజలు’ తిరస్కరించారంటే, ఆ నలుగురు ప్రజలు కారా?

వైసీపీ 2019లో దాదాపు 50 శాతంతో 151 గెలిచింది. 2024లో నూటికి పది, పదిన్నర ఓట్లు తగ్గాయి, సీట్లు మాత్రం 140 పోయాయి. సీమ నాలుగు ఉమ్మడి జిల్లాల 52 స్థానాల్లో 49 నుంచి 7కు వచ్చింది. ఉమ్మడి అనంతపురంలో 14కు ఒక్కటీ రాలేదు. ఎవరికి ఎక్కువ వస్తే వారే గెలిచే పద్ధతిలో ఇంతే. ఒక గీత దగ్గర పదిశాతం అటు జరిగితే పదిశాతం సీట్లు జరగవు, గుట్టంతా జారుతుంది.

ఇంకొకటి. 2019లో జనసేన విడిగా పోటీ చేసి అయిదున్నర శాతం దాకా తెచ్చుకుంది, గెలిచింది ఒక్కటే. 2022 మార్చిలో ఇప్పటం సభలో పవన్ కల్యాణ్ ‘వ్యతిరేక ఓటు చీలనివ్వను’ అన్నాడు. 2024లో టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి కట్టాయి. మూడింటి ఓట్లు కలిస్తే 55 శాతం, 164 సీట్లు. దీంట్లో ఎంత ‘తీర్పు’, ఎంత వట్టి కూడిక?

బుగ్గవంక (కడప): అంత దూరం ఎందుకన్నా, మన కడప పార్లమెంటే తీసుకో. 2024లో దాని కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు: బద్వేలు, కడప, పులివెందుల, కమలాపురం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు. వైసీపీకి వచ్చినవి రెండే, పులివెందుల, బద్వేలు. మిగతా ఐదూ కూటమివి. ఎంపీ ఎవరంటే వైసీపీ! అదే రోజు, అదే బూతు, అదే చేయి, రెండు మిషన్లు. తీర్పంటే ఏ మిషన్‌ది తీర్పు?

లెక్క చూస్తే వింతేం లేదు. పులివెందులలో ఎమ్మెల్యే మెజారిటీనే 61 వేలు దాటింది. ఎంపీ మెజారిటీ 62 వేల పైచిలుకు. ఒక సెగ్మెంట్‌లో కుప్పగా వచ్చిన ఓట్లు ఎంపీ లెక్కలో మిగతా చోట్ల లోటును పూడుస్తాయి. అసెంబ్లీ లెక్కలో పూడ్చవు, అక్కడ వేలకు వేలు మిగిలినా గెలిచేది ఒక్క సీటే. పైగా ఎంపీకి కాంగ్రెస్ నుంచి షర్మిల పోటీ చేసి లక్షకు పైగా ఓట్లు తెచ్చుకుంది. క్రాస్ ఓటింగూ ఉంటుంది, కాదనను. అది ఎంతో తెలియాలంటే రెండు ఫారం 20లు, అంటే కేంద్రాలవారీ ఓట్ల లెక్కలు, పక్కపక్కన పెట్టుకోవాల.

హంద్రీ ఒడ్డు (కర్నూలు): ‘మెజారిటీ’ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. తెలుగు పత్రికల్లో ఈ ఒక్క మాట రెండు పనులు చేస్తోంది. ‘సభలో మెజారిటీ’ అంటే సగం కన్నా ఎక్కువ. ‘పదివేల మెజారిటీతో గెలుపు’ అంటే రెండోవాడి కన్నా పదివేలు ఎక్కువ. లక్ష ఓట్లు పోలైన చోట 42 వేలు, 40 వేలు, 18 వేలు వచ్చాయనుకోండి. మొదటివాడు ‘రెండువేల మెజారిటీతో’ గెలిచాడని రాస్తారు. అతనికి ఓటేయనివారు 58 వేలు. మెజారిటీ వచ్చిందన్నామంటే సగం మందికి పైగా అతనివైపే అనుకుంటాడు చదివేవాడు. రెండో అర్థానికి ‘తేడా’ అని రాస్తే సరిపోతుంది. ‘ఆధిక్యం’ కౌంటింగ్ రౌండ్లకు పనికొస్తుంది, ఇంకా లెక్క తేలలేదని వినగానే తెలుస్తుంది కాబట్టి.

‘డిపాజిట్ గల్లంతు’ కూడా అట్లాంటిదే. ఘోరంగా ఓడినవాళ్లందరికీ తగిలిస్తారు. దానికి కచ్చితమైన గీత ఉంది: చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటాలి. సరిగ్గా ఆరోవంతు వచ్చినా పోయినట్టే. అసెంబ్లీకి 10 వేలు, లోక్‌సభకు 25 వేలు ధరావతు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు సగం. నోటా ఓట్లు చెల్లిన ఓట్ల కిందికి రావు. రెండు లక్షలు పోలై నోటాకు రెండు వేలు పోతే, 1,98,000లో ఆరోవంతు 33,000. ధరావతు దక్కాలంటే 33,001 రావాలి. నోటాను తీసేయకుండా రెండు లక్షలకు లెక్కగట్టి, 33,100 వచ్చినవాడికి కూడా డిపాజిట్ పోయిందని రాసేస్తారు. ‘గల్లంతు’కు పాత వాడుకలో గోల, గందరగోళం అని అర్థం. ఆ వార్తలకు సరిగ్గా అతికినట్టుంది.

పెన్నహోబిలం: బాగుంది. కానీ నా ప్రశ్నలో రెండో సగం మిగిలిపోయింది. ఓటరు తెలిసే వేస్తాడా? ‘జనం మోసపోయినారు’ అనే మాట ప్రతి ఓటమి తర్వాతా వినపడతాది. అదే జనం ఐదేండ్ల కింద తమను గెలిపిస్తే అప్పుడు ‘చైతన్యవంతులు’!

గండికోట గాలి (జమ్మలమడుగు): వైసీపీ ప్రభుత్వం తెచ్చిన భూమి హక్కుల చట్టం, ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది, 2024లో కొత్త ప్రభుత్వం రాగానే రద్దయింది. మధ్యలో ఎన్నికలు. టీడీపీ ‘మీ భూములు లాక్కుంటారు’ అంది. వైసీపీ ‘మీ హక్కుకు ప్రభుత్వం గ్యారంటీ ఇస్తుంది’ అంది. చట్టంలో భూములు లాక్కునే సెక్షన్ లేదు. అయితే భూమి తగాదాలు సివిల్ కోర్టు నుంచి తీసి టైటిల్ రిజిస్టరింగ్ ఆఫీసరు చేతికి ఇవ్వడం ఉంది. వకీళ్లు కోర్టులు బహిష్కరించింది దీనికే. రైతుకు ఈ రెండూ సరిగ్గా తెలియవు. తెలిసింది ఏమంటే, పాసుపుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి ఫోటో ఉండింది, సర్వే రాయి మీద ఆయన పేరుండింది. తాతల నాటి భూమికి ఇంకొకరి బొమ్మ ఎందుకని అడిగినాడు. చట్టం చదవని రైతు అడిగిన ఆ ప్రశ్నకు, చట్టం రాసినవాళ్ల దగ్గర వినసొంపైన జవాబు లేకపోయింది.

ఇందులో భాష తప్పు కూడా ఉంది. ‘టైట్లింగ్’ అనే మాట పల్లెకు కొత్త. పట్టా, అడంగల్, 1బి, పాసుపుస్తకం: ఇవి పల్లెలో నోటికి పట్టిన మాటలు. వాటిలో ఏది మారుతుందో, ఏది మారదో ఆ మాటల్లోనే చెప్పుంటే పుకారుకు అంత సందు దొరికేది కాదు.

కొండారెడ్డి బురుజు: నీ మాట సగం ఒప్పుకుంటా గాలీ. రాయి మీది పేరు చూసి అడిగినాడు, నిజమే. దానికి ‘అవగాహన’ అని పేరు పెడితే ‘భూములు లాక్కుంటారు’ అని నమ్మినదాన్ని కూడా అవగాహనే అనాల.

గండికోట గాలి: అనను. తన చేతికి అందినదాని గురించి తెలుసు, అందనిదాని గురించి చెప్పుడు మాట వింటాడు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి.

హంద్రీ ఒడ్డు: దానికి పాత సాక్ష్యం మన ఉమ్మడి జిల్లాలోనే ఉంది. 1977. ఎమర్జెన్సీ తర్వాత ఎన్నికలు. ఉత్తరప్రదేశ్‌లో 85 లోక్‌సభ స్థానాలకు కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42కు 41 కాంగ్రెస్‌వే. ఆ మిగిలిన ఒక్కటి నంద్యాల, జనతా పార్టీ నుంచి నీలం సంజీవరెడ్డి. 1971లో సొంత జిల్లా అనంతపురంలో ఓడిన మనిషి, 1977లో నంద్యాలలో గెలిచి స్పీకరై, అదే ఏడు రాష్ట్రపతి అయినాడు. పత్రికల మీద సెన్సారు దేశమంతా ఒకటే. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దెబ్బ మాత్రం ఉత్తరాదికే గట్టిగా తగిలింది. అక్కడ పేపరు చదవకుండానే తెలిసింది, ఇక్కడ చదివినా తెలియలేదు. ఆంధ్ర ఓటరును అమాయకుడనీ, యూపీ ఓటరును మేధావి అనీ అనగలమా? ఒకే కేసులో ఒకే వారంలో రెండు తీర్పులు!

ఇంకా దగ్గరగా కావాలంటే 1989. ఎన్టీఆర్ హిందూపురంలో గెలిచి కల్వకుర్తిలో ఓడినాడు. మనిషొకడే, పాలనొకటే.

బుగ్గవంక: చేతికి అందే సమాచారం అంటున్నారు కదా, చట్టప్రకారం ఓటరు చేతికి అందించే సమాచారం ఏ తెలుగులో ఉంటుందో కూడా చూడండి. ఫారం 26 అఫిడవిట్, అంటే అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రం. కేసులు, చరాస్తులు, స్థిరాస్తులు, అప్పులు, చదువు. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయాల, లేకుంటే నామినేషన్ తిరస్కరించొచ్చు. కేసులున్న అభ్యర్థి ప్రచార కాలంలో మూడుసార్లు పేపర్లోనూ టీవీలోనూ వాటిని ప్రకటించాల. ప్రకటన వస్తుంది, చీమతలకాయంత అక్షరాల్లో, ‘ఐపీసీ 147, 148, 324 రెడ్ విత్ 149’ అని. చదివేవాడికి ఏం తెలుస్తుంది? ‘గుంపుగా వచ్చి ఆయుధాలతో కొట్టినారనే కేసు’ అని రాస్తే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. నేరాన్ని క్లుప్తంగా వివరించడానికి ఫారంలో చోటు ఉంది. ఆ చోట్లోనూ మళ్లీ సెక్షన్ నంబర్లే నింపుతారు.

ఇంక మిషన్ మీది తెలుగు. పేర్ల వరుస అక్షరక్రమమే, కానీ ముందు గుర్తింపు పొందిన పార్టీల వాళ్లు, తర్వాత గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీలు, చివర ఇండిపెండెంట్లు. ఒకే పేరున్న ఇండిపెండెంటును పోటీకి దించడం పాత విద్య. ఇప్పుడు అభ్యర్థి ఫోటో ఉంటుంది కాబట్టి కొంత నయం. గుర్తుల తకరారు మాత్రం పోలేదు. 2019లో తమ ఫ్యాను గుర్తుకు ఇంకో పార్టీ హెలికాప్టరు గుర్తు పోలికగా ఉందని వైసీపీ ఫిర్యాదు చేసింది. 2024లో జనసేన పోటీ చేయని చోట్ల దాని గుర్తు గాజుగ్లాసును ఇండిపెండెంట్లకు ఇచ్చారని గొడవ హైకోర్టు దాకా పోయింది. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ కనపడేది ఏడు సెకన్లు. కండ్లు సరిగ్గా ఆనని ముసలమ్మ ఆ ఏడు సెకన్లలో తీర్పు సరిచూసుకోవాల!

పెన్నహోబిలం: ‘చెల్లని ఓటు’ సంగతి కూడా చెప్పన్నా, కొత్త పిల్లోళ్లు ఇప్పటికీ మిషన్ ఓట్లకు వాడుతున్నారు.

బుగ్గవంక: మిషన్‌తో ఆ మాట దాదాపు పోస్టల్ కవర్లకే మిగిలింది. ఓటు తనదేనని ఓటరు సంతకం చేసే 13ఏ డిక్లరేషన్ పెట్టకపోయినా, దాని మీద అటెస్ట్ చేసిన అధికారి సంతకం లేకపోయినా, లోపలి కవరు తెరవకుండానే పక్కన పెడతారు. ఉద్యోగులే ఎక్కువగా వేసేది. ‘చదువుకున్నోళ్ల ఓట్లే చెల్లవు’ అనే సామెత త్వరలో పుట్టేటట్టుంది.

కొండారెడ్డి బురుజు: పార్టీ ఎందుకు ఓడిందో నిజంగా తెలుసుకోవాలనుకునేవాళ్లు టీవీ కట్టేసి ఫారం 20 తెరవండి. ప్రతి పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని, నోటాకెన్ని, అన్నీ ఉంటాయి. రెండు ఎన్నికలవి పోల్చేటప్పుడు మామూలుగా జరిగే తప్పు ఏమంటే, కేంద్రం నంబరుకు నంబరు పోల్చడం. ఓటర్లు ఎక్కువైతే కేంద్రాన్ని విడగొడతారు, నంబర్లన్నీ కిందికి జరుగుతాయి. 112 నంబరు పోయినసారి ఒక ఊరు, ఈసారి పక్క ఊరు అవుతుంది. అందుకని ముందు కేంద్రాల జాబితా తీసుకుని ఊరివారీగా కలుపుకోవాల, తర్వాత పోల్చాల. పోస్టల్ ఓట్లు చివర విడిగా ఉంటాయి, వాటిని ఏ ఊరికీ కలపకూడదు.

అట్ల చూస్తే ‘లబ్ధిదారు’ అనే మాట మీద కట్టిన లెక్క ఎక్కడ బెడిసిందో కనిపెట్టొచ్చు. ఇంట్లో ఒకామె ఖాతాలో పథకం డబ్బు పడితే ఇల్లంతా మన ఓటే అనుకున్నారు వైసీపీవాళ్లు. ఖాతా ఒకటి, ఓట్లు నాలుగు. కొడుకు ఉద్యోగం అడుగుతాడు, మొగుడు డ్రిప్పు సబ్సిడీ, కాలవ నీళ్లు అడుగుతాడు. అప్పట్లో డబ్బు వేసే బటన్ నొక్కింది పైన ముఖ్యమంత్రి, ఇంటికొచ్చింది వాలంటీరు. ఊరి నాయకుడికి మధ్యలో చెప్పుకోవడానికి పనేం మిగల్లేదు. బూతు దగ్గర కూర్చోవాల్సింది మాత్రం అతనే. ఇది నా అంచనా, ఫారం 20 కారణం చెప్పదు. ఎక్కడ పోయిందో చెప్తుంది.

గండికోట గాలి: అయితే ‘తీర్పు’ తీసేసి ఏం రాద్దాం? ‘జనాదేశం’ హిందీ నుంచి తెచ్చుకున్నది, ఆదేశం అంటే ఇంకా పెద్ద మాటయింది. ‘పట్టం కట్టారు’, ‘బ్రహ్మరథం’ రాజుల కాలంవి. ‘ప్రభంజనం’, ‘సునామీ’ అంటే మనుషులే లేకుండా పోతారు.

హంద్రీ ఒడ్డు: ‘ఫలితం’ ఉంది కదా. ‘ఎన్నికల ఫలితం’. ఏ కారణాన్నీ ముందే అంటగట్టదు. ‘ఉమ్మడి అనంతపురంలో 14 స్థానాలూ కూటమి గెలిచింది’ అంటే వాక్యం పూర్తయింది. కారణం రాయాలనుకుంటే ‘మా అంచనా’ అని విడిగా రాయాలి.

పెన్నహోబిలం: సరే, మన గుంపు శైలిపత్రంలో పెడతా. తీర్పు: కోర్టులకు, పంచాయితీలకు. ఎన్నికలకు: ఫలితం. మెజారిటీ: సభలో సగానికి పైన. అభ్యర్థికి: తేడా. డిపాజిట్: ఆరోవంతు లెక్క చూశాకనే. నమూనా వాక్యం: ‘2024లో కడప జిల్లా పది అసెంబ్లీ స్థానాల్లో కూటమికి ఏడు, వైసీపీకి మూడు.’

బుగ్గవంక: ‘ఉమ్మడి’ చేర్చన్నా. 2022 విభజనలో రాజంపేట, రాయచోటి, కోడూరు అన్నమయ్య జిల్లాకు పోయినాయి. వైసీపీ మూడింట్లో రాజంపేట కూడా ఒకటి.