కాన్పుకు పుట్టింటికి వచ్చా. బేబీ కాట్ కొనాలా, చేయించుకోవాలా?

కావలి ఆడపడుచు:

అందరికీ నమస్తే. నాకు ఎనిమిదో నెల. సీమంతం కాగానే కావలి వచ్చేశా, కాన్పు నెల్లూరులో. బిడ్డకి అయిదో నెలలో ఎత్తుకుని ఒంగోలు పోవాలి. అక్కడ మాది అద్దె ఇల్లు. పడకగదిలో డబల్ కాట్, బీరువా పోను గోడ వైపు మూడడుగుల సందు మిగిలింది. బిడ్డకి ఏది కొన్నా ఆ సందులో పట్టాలి. అంతకుముందు అయిదు నెలలు ఇక్కడ అమ్మ వాళ్లింట్లో ఉండాలి. అంటే రెండు ఇళ్లకీ ఒకటే కాట్, మధ్యలో ప్రయాణం.

మొన్న నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో చూశాం. తెల్ల రంగు వేసింది, తల వైపు పువ్వులు చెక్కారు, ఒక పక్క కమ్మీలు కిందికి జారతాయి, పిన్ను తీస్తే ఉయ్యాల కూడా అవుతుందట. చుట్టూ కట్టే మెత్తలు, చిన్న దిండ్లు, దోమతెర అన్నీ సెట్టు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. మా ఆయన మాత్రం ఒంగోలు నుంచి రోజూ ఆన్‌లైన్ మడత కాట్ల లింకులు పంపుతున్నాడు. అమ్మ రెండూ వద్దంటోంది. "మీ ముగ్గురూ చీర ఉయ్యాల్లో పెరిగినోళ్లే, దూలానికి కొక్కెం ఇంకా అట్టానే ఉంది" అంటుంది. మా అత్తయ్య ఫోన్ చేసి, బిడ్డ పుట్టకముందు ఖాళీ ఉయ్యాల ఇంటికి తేకూడదని గట్టిగా చెప్పింది. నాన్నేమో మిద్దె కట్టినప్పుడు మిగిలిన టేకు ముక్కలు వసారాలో ఉన్నాయి, చేయించేద్దాం అంటాడు.

పది పన్నెండు వేలు పెట్టగలం. కమ్మీల మధ్య ఎంత ఉండాలి, పరుపు మెత్తగా ఉండాలా గట్టిగానా, ఇవేవీ షాపతను చెప్పలేకపోయాడు. ఏది అడిగినా "బ్రాండెడ్ మేడమ్" అన్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

లాయర్‌పేట అమ్మ:

మేం మా బాబుకి మడత కాట్ వాడాం, చుట్టూ వల ఉండేది. ఒంగోలు ఎండలకి అదే నయం, నాలుగు వైపులా గాలి ఆడుతుంది. మడిచి కారు డిక్కీలో పడేసి పొదిలి తీసుకుపోయేవాళ్లం. ఒక్క జాగ్రత్త. దాంతో వచ్చే పరుపు పల్చగా, అట్టలాగా ఉంటుంది. మా అమ్మ చూసి అయ్యో బిడ్డకి ఒళ్లు నొప్పులు అని కింద బొంత, పైన దూది పరుపు వేసేది, నేను తీసేసేదాన్ని. అలా పరుపు మీద పరుపు వేస్తే వలకీ పరుపుకీ మధ్య జేబులాగా సందు ఏర్పడుతుంది. వల మెత్తన కాబట్టి బిడ్డ దొర్లి అందులోకి జారిపోవచ్చు. దాంతో ఇచ్చిన పరుపు తప్ప ఇంకేమీ వేయొద్దు.

ఇంకో మాట, ఆపరేషన్ అయితే అంత కిందికి వంగి బిడ్డను తీయడం నరకం. పై అంచెలో బాసినెట్, అంటే చంటిబిడ్డ పడుకునే చిన్న తొట్టి, ఉన్న రకం చూడండి.

వడ్రంగి తాత, కావలి:

అమ్మాయ్, నేనూ కావలి వాడినే. పని ఇప్పుడు మా పిల్లోడు చూస్తుండాడు, నేను కూర్చుని తప్పులు పడతా ఉంటా. ఫోన్లో మాట్లాడతా ఉంటే అదే రాసుకుంటా ఉంది, అక్షరం తేడా ఉంటే సర్దుకో.

కాట్ కొని దానికి పరుపు వెతకొద్దు. పరుపు కొని దానికి కాట్ చేయించు. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడుగు పిల్లల పరుపు యాడైనా దొరుకుద్ది. దాన్ని తెచ్చి వడ్రంగి ముందర వేసి, దీనికీ పట్టెకీ మధ్య రెండు వేళ్లకి మించి దూరకూడదు అని చెప్పు. లేదంటే మావోళ్లు చెక్క ఎంత ఉంటే అంత కొలతకి బిగించేస్తారు. పరుపు చాలకపోతే ఆ సందులో గుడ్డలు కుక్కుతారు. బిడ్డ మొహం పోయి ఇరుక్కునేది ఆ సందులోనే.

పరుపు గట్టిది తీసుకో. అరిచెయ్యి పెట్టి నొక్కి తీస్తే చెయ్యి గుర్తు నిలవకూడదు. బూరుగు దూది పరుపు ఎంత బాగా కుట్టించినా నెల తిరక్కముందే నడిమిన గుంట పడుద్ది, చంటిబిడ్డకి అది వద్దు. మందం నాలుగంగుళాలు చాలు.

ఇక కమ్మీలు. మధ్యలో రెండంగుళాల మూడు నూళ్లు, అంతకి మించొద్దు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అంటే 6 సెంటీమీటర్లు. అమెరికా నుంచి కాన్పుకొచ్చిన ఒక అమ్మాయి కొలతల కాయితం తెచ్చి మా కాడ చేయించుకుంది, అప్పట్నుంచీ మాకు అదే లెక్క. యూరప్‌లో నాలుగున్నర నుంచి ఆరున్నర సెంటీమీటర్ల దాకా ఒప్పుకుంటారని మా మనవడు చూసి చెప్పినాడు. మరీ దగ్గర పెట్టినా కాలో చెయ్యో పట్టేస్తది గదా, అందుకని కింద హద్దు కూడా పెట్టారు. ఎడం ఎక్కువైతే బిడ్డ కాళ్లు దూరతాయి, నడుము జారుద్ది, రొమ్ము కూడా జారుద్ది. తల రాదు. బిడ్డ అక్కడ వేలాడిపోతది. అందుకే ఈ ఒక్క కొలతలో నేను ఎవురి మాటా వినను.

టేపు పట్టుకుని షాపుకి పోతే సేల్స్ పిలకాయలు అదోలా చూస్తారు. వీధిలో క్రికెట్ ఆడే టెన్నిస్ బంతి జేబులో వేసుకుని పో. అది ఆరున్నర సెంటీమీటర్ల పైమాటే ఉంటది. కమ్మీల సందులోంచి గానీ, చెక్కిన కన్నాల్లోంచి గానీ దూరిందంటే అక్కడికే ఆపేయ్.

ఒక పక్క కిందికి జారేది చూశానన్నావు, దాని జోలికి పోవద్దు. ఆ జారే పలక ప్లాస్టిక్ కొక్కేల మీద ఆగుతుంది. అవి అరిగినా, ఒకటి విరిగినా పలక ఒక మూల జారి సందు ఇస్తుంది, పైకి చూస్తే తెలీదు. అమెరికాలో 2011 జూన్ నుంచి అట్టాంటివి అమ్మకూడదని నిషేధం పెట్టారు. నాలుగు పక్కలా కదలని పలకలే మంచిది. కాళ్లకి చక్రాలు పెట్టించుకుంటే లాక్ ఉన్నవి పెట్టించు, మా కావలి గచ్చుల వాలుకి అవి వాటంతట అవే నడుస్తాయి.

కాట్ కోళ్ల చివర గుండ్లు, నెమళ్లు చెక్కి పెట్టమంటారు జనం. నేను పెట్టను. చొక్కా దారమో మెళ్లో తాడో తగులుకుంటది. కోడు పై పట్టెకి సమానంగా కోసెయ్యాల.

అడుగు పలక రెండు ఎత్తుల్లో బిగించేట్టు బెజ్జాలు వేయించు. పుట్టినప్పుడు పైన ఉంటే నీకు వంగే బాధ ఉండదు. బిడ్డ చేతుల మీద లేచేదాకే ఆ ఎత్తు. బోర్లా పడి బొబ్బట్లు పంచినాక ఇంక ఆలస్యం చేయొద్దు, కిందికి దించెయ్. కింద బిగించినప్పుడు పలక మీంచి పై పట్టె దాకా 60 సెంటీమీటర్లు, పరుపు వేసినాక 50 ఉండాలి. నీ లెక్క ప్రకారం ఒంగోలు పోయేటప్పుడు ఎటూ విప్పాల్సిందే, అక్కడ బిగించేటప్పుడే కింద బెజ్జాల్లో బిగించుకోండి. మూడడుగుల సందు అన్నావు గదా, రెండడుగుల పరుపుకి కోళ్లతో కలిపి రెండడుగుల నాలుగంగుళాలు దాటదు, పడుతుంది. ఆ గది గుమ్మం కూడా మీ ఆయన్ని కొలవమను.

మీ నాన్న టేకు సంగతి. మిద్దె చెక్క అంటే ఆరిపోయి ఉంటది, బంగారం. పచ్చి వేప చెక్కతో చేస్తామని వస్తారు, ఆరేటప్పుడు వంకర తిరిగి కమ్మీల సందు మారిపోద్ది, వద్దను. పాత ముక్కల్లో విరిగిన మేకులు ఉంటాయి, చిత్రిక పట్టకముందే వెతికి పీకించు. కమ్మీల కొసలు సన్నగా చెక్కి పట్టె బెజ్జాల్లోకి దింపి బిగించాల, దాన్నే కుసి అంటాం, మేకుతో కొట్టిన కమ్మీ నాలుగు నెలల్లో ఊడుద్ది. నాలుగు పలకలకీ బోల్టు, నట్టు. తుపాన్ల తేమకి చెక్క ఉబ్బుతుంది, రోహిణి కార్తెకి ఎండి చిక్కుతుంది, బోల్టు వదులవుతుంది. పండక్కి ఒకసారి పానా పెట్టి చూసుకో.

రంగు వేయిస్తే డబ్బా మీద సీసం సంగతి రాసుందా చూడు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు మించకూడదని 2017 నవంబరు నుంచి మన దేశంలో రూలు. షెడ్డులో మూల పడున్న పాత డబ్బా అడుగు గీకి పూయనీయొద్దు. పై పట్టెకి నేనయితే ఏమీ పుయ్యను, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది వదిలేస్తా. పళ్లొచ్చే బిడ్డ ముందు కొరికేది దాన్నే.

మీ అత్తమ్మ మాట మంచిదే. ఇప్పుడే చేయించి వడ్రంగి షెడ్డులోనే పెట్టించు. పాలిష్ వాసన పోవాలంటే ఎటూ అన్నాళ్లు గాలికి ఉండాల్సిందే. పురుటి స్నానం రోజున ఇంటికి తెచ్చుకోండి.

కావలి ఆడపడుచు:

తాతగారూ, తమ్ముణ్ని బంతి ఇచ్చి పంపా. కమ్మీల మధ్య దూరలేదు గానీ తల వైపు చెక్కిన పువ్వు కన్నంలోంచి అవతలకి పడిందట. వాడు వీడియో కాల్‌లో చూపిస్తుంటే షాపతను బంతి వెనక్కి ఇచ్చి ఇంకో మోడల్ చూపిస్తానన్నాడంట. చేయించడానికే అనుకున్నాం. నాన్న అప్పుడే టేకు ముక్కలు ఎండకి పరిచాడు.

ఇంకో రెండు తగాదాలు మిగిలాయి. తల గుండ్రంగా రావాలని అమ్మ ఆవాల దిండు కుట్టి పెట్టేసింది. రెండోది దోమలు. కావలిలో కాస్త నయం గానీ కాన్పు అయ్యాక వారం రోజులు నెల్లూరులో పిన్ని వాళ్లింట్లో ఉండాలి. నెల్లూరు దోమల గురించి చెప్పేదేముంది, పగలే ఎత్తుకుపోతాయి.

పొగతోట సిస్టర్:

నేను నెల్లూరులో చిన్నపిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. మీ అమ్మగారితో గొడవ పడకుండా ఆవాల దిండు భద్రంగా దాచిపెట్టండి. కాట్‌లో దిండు, రజాయి, బొమ్మ, చుట్టూ కట్టే మెత్తలు ఏవీ వద్దు. ఆ మెత్తలు అమెరికాలో 2022లో చట్టం పెట్టి ఆపేశారు, బిడ్డ మొహం ఆనిస్తే ఊపిరాడదని. నిద్రపోయేటప్పుడు ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టండి. తల ఒక పక్క చదునవుతుందని భయం ఉంటే, మెలకువగా ఉన్నప్పుడు మీ ముందర కాసేపు బోర్లా వేసి ఆడించండి, కాట్‌లో తల ఉంచే వైపు ఒక రోజు ఇటు, ఒక రోజు అటు మార్చండి.

చీర ఉయ్యాల మీద నాకు పెద్ద పట్టింపు లేదు, మా ఇంట్లోనూ ఉయ్యాల్లో వేసే ముచ్చట చేశాం. రాత్రంతా అందులో వదలడమే వద్దంటాను. చీర లోతుగా దిగితే చంటిబిడ్డ గడ్డం రొమ్ముకి ఆనుతుంది, మెడ నిలపలేని బిడ్డకి గాలి దారి సన్నబడుతుంది. పెద్ద పిల్లలు ఎక్కి గిరగిరా తిరిగితే అదే చీర మెడకి చుట్టుకుంటుంది, ఇంట్లో ఆరేడేళ్ల పిల్లలుంటే వాడనప్పుడు విప్పి పెట్టండి. మెళ్లో దిష్టి తాడు, గొలుసు నిద్రకి ముందు తీసేయాలి. దీనికి నాయనమ్మలు ఒప్పుకోరు, కాలికి కట్టుకోండి అని చెబుతుంటాం.

మొదటి ఆరు నెలలైనా కాట్ మీ గదిలోనే, మీ మంచం పక్కనే ఉండాలి. బిడ్డ మీ మంచం మీద కాదు. పాలిస్తూ నిద్ర ముంచుకొస్తే మీ ఆయన్నో అమ్మనో లేపి బిడ్డని కాట్‌లో పెట్టించుకోండి. ఏసీ ఉన్నా ఫ్యాన్ ఉన్నా మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట ఉంటే ఎక్కువ కప్పినట్టే. ఆ గదిలో దోమల బత్తి వెలిగించొద్దు, తలుపులేసిన గదిలో ఆ పొగ బిడ్డకి మంచిది కాదు. తెరే వాడండి, వేలాడకుండా బిగుతుగా కట్టాలి.

వడ్రంగి తాత, కావలి:

తెరకి నేను చెప్తుండా. నాలుగు కోళ్లకీ బయటి వైపు సన్న ఇనప పైపులు నిలబెట్టి వాటి మీద తెర వేయించు. కాట్ లోపలికి తెర గుడ్డ జారకూడదు, అంచులు పరుపు కింద కాదు, పట్టె బయట దోపాల. బిడ్డ పట్టుకుని నిలబడే వయసొస్తే ఆ పైపులు తీసెయ్, పట్టుకుని లాగుతాడు. కిటికీ పక్కన వేయొద్దు, కర్టెన్ తాడు చేతికందుద్ది. పైన కేలండర్, దేవుడి పటం మేకు ఏదీ ఉండకూడదు. ఫోన్ చార్జరు వైరు సంగతి నీకే బాగా తెలుసు.

బిడ్డ 89 సెంటీమీటర్ల ఎత్తు దాటినా, పట్టె మీదికి కాలెత్తినా కాట్ పని అయిపోయినట్టే. పట్టెలు విప్పి దాచుకో, టేకు గదా, చిన్న బల్ల చేసుకోవచ్చు.

పరుపు కొన్నాక బిల్లు మీద కొలత నమ్మొద్దు. అంగుళం తక్కువవి అంటగడతారు. నువ్వే టేపు పెట్టి కొలిచి, అంగుళాలూ నూళ్లూ రాసి మీ వడ్రంగికి ఇయ్యి.